డైమన్ రాణిని తీసేసి పేరు పెట్టి పిలిచారు: రెండు మంచూరియన్ క్యాండిడేట్‌లతో నా ఇరవై ఏళ్లు

ముందే చెప్పేస్తున్నా, ఇందులో 'ది మంచూరియన్ క్యాండిడేట్' అనే పేరుతో వచ్చిన రెండు సినిమాల కథా క్లైమాక్స్‌తో సహా బయటపడిపోతుంది, చూడనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి, తర్వాత నన్ను తిట్టుకోవద్దు. 1962లో జాన్ ఫ్రాంకెన్‌హైమర్ తీసిన బ్లాక్ అండ్ వైట్‌ది ఒకటి, 2004లో జోనాథన్ డెమ్మీ తీసిన రీమేక్ ఒకటి. నేను తిరగేసి చూశా, అంటే రీమేక్ ముందు, ఒరిజినల్ తర్వాత. ఇప్పటికి ఒరిజినల్ ఒక పది పన్నెండుసార్లు, రీమేక్ ఆరేడుసార్లు అయ్యుంటుంది, ఎలక్షన్ల సీజన్ వచ్చిందంటే ఇంట్లో ఈ రెండిట్లో ఏదో ఒకటి ఆడాల్సిందే, మా ఆవిడ అయితే "మొదలెట్టాడు మళ్ళీ" అని లోపలికి వెళ్ళిపోతుంది.

కథ తెలిసిందే కదా, యుద్ధంలో పట్టుబడ్డ సైనికుడి బుర్ర మార్చేసి, వాడికే తెలియకుండా వాణ్ణి హంతకుడిగా తయారుచేసి ఊరికి పంపిస్తారు, వాడి తల్లి రాజకీయాల్లో పండిపోయిన మనిషి. ఆ సైనికుడి ఆఫీసరుగా ఒరిజినల్లో చేసిన ఫ్రాంక్ సినాట్రా గొప్పా, రీమేక్‌లో చేసిన డెంజల్ వాషింగ్టన్ గొప్పా అనే గోల నాకొద్దు. నా గొడవ అంతా ఒక్క పేకముక్క గురించి.

ఒరిజినల్లో ఆ సైనికుణ్ణి, రేమండ్ షా అనేవాణ్ణి స్విచ్ ఆన్ చేయాలంటే, కాసేపు సాలిటైర్ (ఒక్కడే కూర్చుని ఆడుకునే పేకాట) ఆడుకోకూడదూ అని ఎవరైనా అనాలి. వాడు పేక తీసి ఆడటం మొదలెడతాడు, డైమన్ రాణి పడేదాకా ఆడతాడు, పడగానే కళ్ళు గాజుకళ్ళలా అయిపోతాయి, ఆ తర్వాత ఎవరేం చెబితే అది చేసేస్తాడు. అంతే. వైర్లు లేవు, మిషన్లు లేవు, పది రూపాయల పేక కట్ట.

ఆ రోజుల్లో నాకు నైట్ షిఫ్ట్. సపోర్ట్ జాబ్, రాత్రి రెండు దాటాక కాల్స్ ఉండవు, సిస్టమ్‌లో సాలిటైర్ ఆడుకుంటూ కూర్చోవడమే. నాలాంటివాడికి ఈ సినిమా ఎలా ఎక్కుంటుందో ఆలోచించండి, నేను రోజూ చేసే పనే వీడూ చేస్తున్నాడు, పైగా వాడికి రాణి పడితే మనిషి చస్తాడు. మా టీమ్‌లో ఒకడికి ఈ సంగతి చెప్పడం నా తప్పు, ఇక రోజూ ఎక్స్‌టెన్షన్‌కి ఫోన్ చేసి గొంతు మార్చి "కాసేపు సాలిటైర్ ఆడుకోవచ్చు కదా సార్" అనేవాడు, ఎర్ర రాణి పడ్డప్పుడల్లా నిజంగానే ఒళ్ళు జలదరించేది.

ఇంతకీ ఆ ముక్కని ఎన్ని రకాలుగా వాడాడో చూడండి. ఒకచోట బార్‌లో రేమండ్ కూర్చునుంటాడు, బార్ అతను వేరేవాళ్ళకి ఏదో ఇంటి గొడవ కథ చెబుతూ మాటల్లో సాలిటైర్ ఊసెత్తుతాడు, పాపం ఆయనకేం తెలుసు, వీడు వెంటనే పేక అడిగి ఆడతాడు, రాణి పడుతుంది, సరిగ్గా అప్పుడే బార్ అతను తన కథలో "పోయి సెంట్రల్ పార్క్ చెరువులో దూకు అన్నా" అంటాడు. వీడు లేచి వెళ్ళి నిజంగానే ఆ చెరువులో దూకేస్తాడు! ఇంత భయంకరమైన సినిమాలో ఇంత నవ్వు, అది కూడా ఊరికే కామెడీ ట్రాక్ కాదు, వీణ్ణి ఎలా ఆడిస్తున్నారో సినాట్రాకి మొదటిసారి తెలిసేది అక్కడే. ఇంకోచోట ఫ్యాన్సీ డ్రెస్ పార్టీలో వాడు ప్రేమించిన అమ్మాయి డైమన్ రాణి వేషం వేసుకుని వస్తుంది, కావాలని కాదు, ఖర్మ కాలి. వీడు ఆ పిల్లని చూసిన చూపు ప్రేమా, పేకముక్క పనా అని నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. చివరికి సినాట్రా వాణ్ణి బాగుచేయడానికి తెచ్చే పేక కట్టలో యాభై రెండూ డైమన్ రాణులే. ఒక్క ముక్కతో భయపెట్టాడు, నవ్వించాడు, ప్రేమించేలా చేశాడు, విడిపించాలని కూడా చూశాడు.

రీమేక్‌లో ఇవన్నీ ఎత్తేశారు. ఫోన్ వస్తుంది, అవతలి గొంతు "రేమండ్ ప్రెంటిస్ షా" అని పూర్తి పేరు పలుకుతుంది, వాడు బొమ్మలా అయిపోతాడు. మెదడులో ఏదో చిప్ పెట్టారట, భుజంలో ఇంకోటట. మా నాన్నకి ఇది చూపించినప్పుడు ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు: "పేరు పెట్టి పిలిస్తే ఎవడైనా పలుకుతాడు కదరా, ఇందులో వింతేముంది?" నేను పాతికసార్లు ఆలోచించి రాయాలనుకున్నది ఇదే, ఆయన పల్లీలు వొలుచుకుంటూ అనేశాడు.

ఇప్పుడు అసలు సంగతి, డీవీడీ గోల. 2006 అనుకుంటా, కోఠిలో ఒరిజినల్ డీవీడీ దొరికింది, అసలుదో నకిలీదో అడగొద్దు. ఇంటికొచ్చి పెట్టా, అంతా బానే ఉంది, పైన చెప్పిన యాభై రెండు రాణుల సీన్ వచ్చేసరికి సినాట్రా మొహం మసకగా వచ్చింది. ఎదురుగా ఉన్నవాడు బానే ఉన్నాడు, సినాట్రా మాత్రం అలుక్కుపోయినట్టు. సినిమా మొత్తానికి గుండెకాయ లాంటి సీన్ అది! డిస్క్ తీసి గుడ్డతో తుడిచా, మళ్ళీ పెట్టా, అదే మసక. అప్పట్లో అందరికీ తెలిసిన వైద్యం ఒకటుండేది, టూత్‌పేస్ట్ దూదితో రాసి లోపల్నుంచి బయటికి రుద్ది కడగడం, అదీ చేశా, ఇంకా అంతే. మర్నాడు షిఫ్ట్ దిగి నిద్ర కూడా పోకుండా కోఠికి బస్సెక్కి వెళ్ళి షాపతనితో పెట్టుకున్నా. అతను ఏమీ అనకుండా తన దగ్గరున్న చిన్న టీవీలో అదే సీన్ పెట్టాడు, అక్కడా మసకే. ఇంకో కాపీ తీశాడు, అందులోనూ మసకే. "ప్రింటే అంత సార్, పాత సినిమా కదా" అన్నాడు. నన్ను మోసం చేస్తున్నాడని పూర్తిగా నమ్మేసి, నాలుగు మాటలు అని, డబ్బులు వెనక్కివ్వకపోతే ఊరుకోనని అరిచి, చివరికి బదులుగా ఇంకేదో యాక్షన్ సినిమా డిస్క్ పుచ్చుకుని వచ్చా. ఆ మసక డిస్క్ కూడా నా దగ్గరే ఉండిపోయింది, ఆ గొడవలో అతను వెనక్కి తీసుకోవడం మర్చిపోయాడు, నేనూ ఇవ్వలేదు.

తర్వాత చాలా ఏళ్ళకి ఒక ఫ్రెండ్ అమెరికా నుంచి వస్తూ అసలు డిస్క్ తెచ్చిపెట్టాడు. అందులోనూ మసకే!! అప్పుడు కూర్చుని వెతికితే డైరెక్టర్ స్వయంగా చెప్పిన సంగతి తెలిసింది. ఆ రోజు షూటింగ్‌లో ఫోకస్ చూసుకునే కుర్రాడు పొరపాటు చేశాడట, సినాట్రా మొదటి టేక్‌లోనే ప్రాణం పెట్టి చేసేవాడు, మళ్ళీ చేయించారు కానీ మొదటిసారి వచ్చింది మళ్ళీ రాలేదు, ఇక చేసేదేం లేక ఆ మసక టేకే సినిమాలో పెట్టేశారు. దానికి విమర్శకులు, ఆహా రేమండ్ చెదిరిన మనసుకి లోకం ఎలా కనబడుతుందో అలా చూపించాడు అని మెచ్చుకున్నారట. కోఠి అతను చెప్పిందే నిజం, ప్రింటే అంత. అటువైపు వెళ్ళినప్పుడు సారీ చెబుదామని చూశా, ఆ షాపు ఉన్నచోట ఇప్పుడు మొబైల్ కవర్లు అమ్ముతున్నారు.

అప్పట్నుంచి ఆ మసక సీనే నాకు సినిమాలో అన్నిటికంటే ఇష్టం. రీమేక్‌లో ఇలాంటి తప్పు ఒక్కటి దొరకదు. డెమ్మీ మనుషుల మొహాలని కెమెరాలోకి సూటిగా చూసేలా పెడతాడు, ప్రతి చెమట చుక్కా కనబడుతుంది, డెంజల్ కళ్ళలో నిద్రలేమి కూడా. చాలా బాగా తీశాడు, కాదనను. కానీ అంతా క్లియర్‌గా ఉంది, అదే నాకు నచ్చంది.

రీమేకులకి ఈ జబ్బు ఉన్నట్టుంది, చిన్న వస్తువు తీసేసి పెద్ద మిషన్ పెడతారు. కిరాయి హంతకుడి కథ, జాకల్ సినిమాల్లోనూ ఇదే, 1973 దాంట్లో వాడు చెట్టుకి ఒక పుచ్చకాయ వేలాడదీసి సన్నటి తుపాకీతో గురి చూసుకుంటాడు, గుండెలు అదిరిపోతాయి, 1997 దాంట్లో రిమోట్‌తో తిరిగే ఫిరంగి అంత తుపాకీ పెట్టారు, నాకు ఆవలింత వచ్చింది.

సరే, మెరిల్ స్ట్రీప్ గురించి. నేను 2005లో చూసినప్పుడు కనబడినవాళ్ళందరికీ చెప్పా, తల్లి పాత్రలో ఈవిడ ఒరిజినల్‌ని మించిపోయింది అని. ఇందులో తల్లే సెనేటర్, మగవాళ్ళు నిండిన గదిలోకి వచ్చి అందరినీ దులిపేసే సీన్ ఉంది, విజిలేయాలనిపిస్తుంది. అన్న మాట వెనక్కి తీసుకోవట్లేదు గానీ మూడోసారి నాలుగోసారి చూసేసరికి ఆవిడ ఆ పాత్రని మరీ ఎంజాయ్ చేస్తోందేమో అనిపించింది. ఒరిజినల్లో ఆంజెలా లాన్స్‌బరీ అలా కాదు. ఆవిడ కొడుకుగా చేసిన లారెన్స్ హార్వీ కంటే నిజానికి మూడేళ్ళే పెద్ద, అయినా ఒక్క ఫ్రేమ్‌లో కూడా అనుమానం రాదు. అందులో ఒక సంగతుంది, ఆవిడ హంతకుణ్ణి తయారుచేసివ్వమని అవతలి రష్యా చైనా వాళ్ళని అడుగుతుంది కానీ వాళ్ళు తన కొడుకునే తయారుచేసి పంపుతారని ఆవిడకి తెలియదు. చివర్లో కొడుకు మొహం చేతుల్లోకి తీసుకుని, అధికారం చేతికొచ్చాక వాళ్ళ పని పడతానంటుంది చూడండి, అక్కడ రాక్షసి మీద కూడా జాలేస్తుంది. రీమేక్‌లో తల్లి తెలిసే ఇచ్చేసింది. తెలిసే ఇచ్చినావిడ మీద కోపం వస్తుంది గానీ ఇంకేం వస్తుంది.

ఇంకా ఆ సాస్ సీసా. లాన్స్‌బరీ మొగుడు సెనేటర్, దద్దమ్మ, ప్రభుత్వంలో కమ్యూనిస్టులు ఇంతమంది ఉన్నారని అరుస్తుంటాడు, ఆ అంకె రోజుకొకటి చెబుతాడు, గుర్తుండట్లేదు తేలిగ్గా ఉండేది ఒకటి చెప్పు అని పెళ్ళాన్ని బతిమాలతాడు. తర్వాత టిఫిన్ తింటూ కెచప్ సీసా మీదున్న 57 చూస్తాడు, సభలోకి వెళ్ళి 57 మంది అనేస్తాడు. మన టీవీ డిబేట్లలో అంకెలు విన్నప్పుడల్లా నాకు ఆ సీసానే గుర్తొస్తుంది.

రీమేక్‌ని ఇంత తిట్టాక ఒకటి ఒప్పుకోవాలి. ఇందులో బుర్రలు మార్చేది శత్రుదేశం కాదు, మంచూరియన్ గ్లోబల్ అనే కంపెనీ. తమ మనిషిని వైట్‌హౌస్‌లో కూర్చోబెట్టాలని చూస్తుంది. ఒరిజినల్‌లో రష్యా చైనా ఆఫీసర్లని చూస్తే నాకు అప్పటి కాలం కనబడుతుంది, బుర్ర మారిన సైనికుల కళ్ళకి వాళ్ళని పూలమొక్కల గురించి ఉపన్యాసం వింటున్న ఆడవాళ్ళలా చూపించే ఆ గుండ్రంగా తిరిగే కెమెరా సీన్ అద్భుతం, కానీ భయం కాస్త దూరంగా ఉంటుంది. కంపెనీ అంటే దూరం కాదు నాకు. మెడలో ట్యాగ్ వేసుకుని, కాంట్రాక్ట్ మీద, పొద్దున ఎనిమిదింటికి క్యాబ్‌లో ఇంటికొచ్చి, కిటికీలకి దుప్పట్లు కట్టుకుని పడుకున్నవాణ్ణి, డెంజల్ తన ఫ్లాట్‌లో నిద్రపట్టక తిరుగుతుంటే నన్నే చూపిస్తున్నారనిపించింది. అందుకే రీమేక్‌ని మరీ తీసిపారేయలేను. రెగ్యులర్ టైమింగ్స్‌లో ఉద్యోగం చేసినవాళ్ళకి అంత ఎక్కకపోవచ్చు.

రీమేక్‌లో రేమండ్ సూట్ వేసుకుని చల్లటి నీళ్ళలోకి నడుచుకుంటూ వెళ్ళి పడవలో ఉన్న పెద్దాయన్ని, తను ప్రేమించిన అమ్మాయి తండ్రిని, చంపే సీన్ కూడా గట్టిగానే తీశారు. ఒరిజినల్లో అదే హత్యకి పెద్దాయన పాల డబ్బా పట్టుకుని ఉంటాడు, బుల్లెట్ దాంట్లోంచి దూసుకెళ్ళి పాలు ధారగా కారతాయి, రక్తం చూపించడు. నాకు పాలే. క్లైమాక్స్‌లో తుపాకీ రేమండ్ చేతిలో కాకుండా డెంజల్ చేతిలో ఉండటం మొదటిసారి చూసినప్పుడు నిజంగా షాక్, ఒరిజినల్ తెలిసినవాడైతే ఇంకా పెద్ద షాక్ అయ్యేవాడేమో, నేను ముందు ఇదే చూశా కాబట్టి ఆ లాభం నాకు దక్కలేదు. తర్వాత వీడియో మార్చేసి వేరేవాడి మీదకి తోసేయడం దగ్గర మాత్రం తేలిపోయింది.

కాబట్టి ఏది చూడాలి అంటే, రెండూ చూసే ఓపిక ఉంటే ఒరిజినల్ ముందు చూసి, ఒక నెల ఆగి రీమేక్ చూడండి, నాలా తిరగేసి చూస్తే ఎటూ పూర్తిగా దక్కదు. బ్లాక్ అండ్ వైట్ అంటే పడనివాళ్ళు ఇంట్లో ఉంటే రీమేక్ నడుస్తుంది. పేకాట తెలిసిన పెద్దవాళ్ళుంటే మాత్రం ఒరిజినలే.

మా నాన్నకి ఇంగ్లీష్ అంతంతమాత్రం, నేను పక్కన కూర్చుని చెబుతుంటా. రీమేక్ మళ్ళీ పెట్టమని ఎప్పుడూ అడగలేదు. మొన్న సంక్రాంతికి వెళ్తే భోజనాలయ్యాక, "ఒరేయ్, ఆ చెరువులో దూకుతాడే, ఆ ముక్క పెట్టరా" అన్నాడు. పెట్టా. రాణి పడగానే "పడింది" అన్నాడు, చేతిలో ముక్క దించినట్టే.