డబ్బా పక్కన పెట్టి శబ్దరత్నాకరం తీశాం: డిక్షనరీ గేమ్ రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, దీన్ని బోర్డ్ గేమ్ రివ్యూగానే మొదలెట్టాను గానీ సగం నుంచి నిఘంటువు రివ్యూ అయిపోయింది, ఏం చేయను, మా ఆట అలా తిరిగింది.

మా ఫ్రెండ్ వాళ్ల బావగారు టొరంటో నుంచి వస్తూ బాల్డర్‌డాష్ అని ఒక డబ్బా తెచ్చారు. ఆ గేమ్ పుట్టింది కూడా కెనడాలోనే, 1984లో లారా రాబిన్సన్, పాల్ టోయిన్ అని ఇద్దరు తయారుచేశారు, ఇప్పుడు మాటెల్ వాళ్లు అమ్ముతున్నారు. అసలు ఆట మాత్రం అంతకన్నా పాతది, డబ్బా గిబ్బా ఏమీ లేకుండా ఒక లావుపాటి డిక్షనరీ, నాలుగు కాగితాలు ముందేసుకుని ఇళ్లల్లో ఆడుకునేదే, ఫిక్షనరీ అంటారు దాన్ని. బ్రిటన్‌లో బీబీసీ వాళ్లు 1965లోనే దాదాపు ఇదే ఐడియాతో కాల్ మై బ్లఫ్ అని టీవీ షో మొదలెట్టారు. (పైన డబ్బా గిబ్బా అన్నాను కదా, గిబ్బ అంటే నిజంగానే ఒక అర్థం ఉంది, ఎద్దు అని. ఈ ఆట మొదలెట్టాక నాకు పట్టుకున్న రోగం ఇది.)

ఆడటం తేలికే. ఒకడు డాషర్. వాడు ఎవరికీ తెలియని ఒక మాట చెప్తాడు, మిగతా వాళ్లు ఎవరికి వాళ్లు దానికో దొంగ అర్థం పుట్టించి చీటీ మీద రాసిస్తారు, డాషర్ అసలు అర్థాన్ని కూడా వాటిల్లో కలిపేసి అన్నీ ఒకే గొంతుతో చదువుతాడు. అసలుదేదో కనిపెట్టినవాడికి పాయింట్లు, నీ అబద్ధాన్ని ఎంతమంది నమ్మితే నీకు అన్ని పాయింట్లు. ఎవ్వడూ అసలుది పట్టుకోలేకపోతే డాషర్ పంట పండినట్టే. డబ్బాలో మాటలతో పాటు ఎవరూ వినని మనుషుల పేర్లు, పొడి అక్షరాలు, సినిమా పేర్లు, పిచ్చి చట్టాలు కూడా ఉంటాయి, పాచిక వేస్తే ఏది పడితే అది.

మొదటి శనివారం డబ్బాతోనే ఆడాం, ఆరుగురం. చట్టాల కార్డులు బాగా నవ్వించాయి, అబద్ధం చెప్పలేను. కానీ మాటలు వచ్చేసరికి ఆట చప్పబడిపోయింది. ఎందుకా అని తర్వాత ఆలోచిస్తే నాకు అర్థమైంది ఏంటంటే, ఈ ఆటలో మజా మొత్తం ఆ మాట సగం తెలిసినట్టు, సగం తెలియనట్టు ఉండటంలో ఉంది. ఇంగ్లీష్‌లో మేమందరం ఆఫీసు పని నడిపేస్తాం గానీ ఒక వింత మాట చెవిన పడగానే ఇది ఏ మాట నుంచి వచ్చి ఉంటుంది, ఏ ఊరి వాసన ఉంది అనేది తోచదు, అందుకే ఆరుగురిలో నలుగురు "పాతకాలపు స్కాట్లాండ్ పనిముట్టు" అని రాసి ఊరుకున్నారు. సినిమా పేర్లైతే ఇంకా దారుణం, మేమెవరం పుట్టనప్పటివి. డబ్బా తప్పనను, అది మనల్ని మనసులో పెట్టుకుని చేసింది కాదు అంతే. మనలాంటి గ్యాంగులకి డబ్బా వరకు 5లో 2.5, ఆటకి మాత్రం 5కి 5.

రెండో వారం ఆ ఫ్రెండే వాళ్ల తాతగారి శబ్దరత్నాకరం, అదే పాత తెలుగు నిఘంటువు, పట్టుకొచ్చాడు. బహుజనపల్లి సీతారామాచార్యులు గారిది, మొదటిసారి 1885లో అచ్చయింది, అరసున్నాలు, బండి రలు అన్నీ ఉంటాయి, ఆర్కైవ్ సైట్‌లో స్కాన్ కాపీ ఫ్రీగా దొరుకుతుంది కాబట్టి కొననక్కర్లేదు కూడా. ఆ రాత్రి పదింటికి మొదలెట్టి రెండున్నరకి లేచాం.

మొదటి మాట పొలదిండి. వినగానే అందరి మొహాలూ వెలిగాయి, ఎందుకంటే అందరికీ తెలిసినట్టే ఉంది కదా! ఒకడు "పొలంలో పనిచేసేవాళ్లకి మధ్యాహ్నం గంపలో పట్టుకెళ్లే అన్నం" అని రాశాడు, ఇంకొకడు "పంట మీద పడి మేసే పశువు" అన్నాడు, నేను తెలివిగా "భూమి కాజేసేవాడు" అని రాశా, హైదరాబాద్‌లో ఉంటున్నాం కదా ఎవడో ఒకడు నమ్ముతాడని. అసలు అర్థం రాక్షసుడు. పొల అంటే మాంసం అట, మాంసం తినేవాడు పొలదిండి. ఒక్కడూ పట్టుకోలేదు, గంపలో అన్నానికి మూడు ఓట్లు పడ్డాయి, ఆ రాసినవాడు ఇప్పటికీ ఆఫీసులో లంచ్ బాక్స్ తెరిచినప్పుడల్లా పొలదిండి అనే అంటాడు.

తర్వాత పులుగు. దీనికి గుంటూరు వాడు అసలు ఆలోచించనే లేదు, "పత్తికి పట్టే ఒకరకం పురుగు, ఆకు వెనక గుడ్లు పెట్టును" అని మందుకొట్టే షెడ్యూల్ సహా రాసిచ్చాడు, అందరం అదే నమ్మాం. పులుగు అంటే పక్షి. గాలిమేపరి అన్నప్పుడు "పనీపాటా లేకుండా తిరిగేవాడు" అనే అర్థం ముగ్గురు వేరువేరుగా రాశారు, అసలు అర్థం పాము, గాలి తిని బతుకుతుందని పాతవాళ్లు అనుకునేవాళ్లు కదా, అదీ సంగతి. చలివెలుగు నాకు బాగా నచ్చిన మాట, చంద్రుడు, ఇది ఇద్దరు కరెక్టుగా కొట్టారు, కానీ శ్రీకాకుళం నుంచి వచ్చినమ్మాయి "చలికాలంలో వీధిలో వేసే మంట" అని రాస్తే నేను అటే పోయాను, ఇప్పటికీ అదే సరైన అర్థమేమో అనిపిస్తుంది.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ ఏరాలు దగ్గర తగిలింది. మేం "నదికి పాయలు", "ఏటి ఒడ్డున దొరికే రాళ్లు" అని తెగ రాసేస్తున్నాం, కరీంనగర్ ఫ్రెండ్ వాళ్లమ్మగారు టీ ఇవ్వడానికి వచ్చి విన్నారు. "గిదేం ఆట బిడ్డా, యారాలంటే తెల్వదా మీకు? తోడికోడలు! మా యారాలు మొన్ననే అచ్చిపోయింది గదా!" అన్నారు. నిఘంటువులో చూస్తే అక్షరాలా అదే. మాకు పుస్తకంలో దుమ్ముపట్టిన మాట, ఆవిడకి మొన్న ఇంటికొచ్చిపోయిన మనిషి. అక్కడికక్కడే ఆంటీని కూర్చోబెట్టేశాం, ఆ రోజు గెలిచింది ఆవిడే, మొగిలు అని అడిగితే ఇంక చీటీ కూడా రాయలేదు, "మొగులు వట్టింది అంటం గాదా" అని కిటికీలోంచి మబ్బు చూపించారు. అందుకే నా సలహా, ఈ ఆటకి ఒకే ఊరి వాళ్లు కాకుండా నాలుగు జిల్లాల వాళ్లని, వీలైతే ఒక పెద్దావిడని పిలవండి.

నిఘంటువుతో ఆడాలంటే కొన్ని చిక్కులున్నాయి, అవి కూడా చెప్పాలి. శబ్దరత్నాకరంలో బోలెడు మాటలకి అర్థం "వృక్షవిశేషము" అనో "పక్షివిశేషము" అనో ఒక్క ముక్కలో తేల్చేసి ఉంటుంది. రెండో రౌండుకల్లా మావాళ్లకి ఈ కిటుకు తెలిసిపోయి ఏ మాటిచ్చినా "వృక్షవిశేషము" అని రాసిపడేయడం మొదలెట్టారు, ఒకసారి ఐదు చీటీల్లో మూడు చెట్లే. అలాంటి మాటలు డాషర్ ఎంచుకోకూడదని రూల్ పెట్టుకున్నాం. సంస్కృతం మాటలు కూడా వద్దు, ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్నవాడు ఒకడుంటాడు, వాడికి ఏమీ రాదు గానీ విడగొట్టి చూసి సగం చెప్పేస్తాడు. పక్కన దే. అని ఉన్నవి, అంటే దేశ్యాలు, సంస్కృతం నుంచి రాని అచ్చ తెలుగు మాటలు, అవి ఏరుకుంటే చాలు. ఇంకోటి, అసలు అర్థం గ్రాంథికంలో ఉంటుంది కాబట్టి డాషర్ దాన్నొక్కదాన్నే తడబడుతూ చదివాడంటే ఖేల్ ఖతం, అందుకే ముందే దాన్ని కూడా మన మాటల్లోకి మార్చి చీటీ మీద రాసుకోవాలి. చీటీలన్నీ ఒకసారి లోపల్లోపల చదువుకుని నవ్వేసి, ఆ తర్వాతే పైకి చదవడం మొదలెట్టాలి. మాలో ఇంగ్లీష్ మీడియం వాడొకడు తెలుగుని ఇంగ్లీష్ అక్షరాల్లో రాసేవాడు, డాషర్ ఒక్కో అక్షరం కూడబలుక్కుంటుంటే అది ఎవరిదో గోడకి కూడా తెలిసిపోయేది, పాపం వాడికి ఇప్పుడు పక్కనున్నవాళ్లు రాసిపెడుతున్నారు.

బ్రౌన్ దొరగారి తెలుగు-ఇంగ్లీష్ నిఘంటువు కూడా ట్రై చేశాం, 1852లో వచ్చినది, అర్థాలు ఇంగ్లీష్‌లో ఉంటాయి కాబట్టి డాషర్ అనువాదం చేసుకోవాలి, దానితో టైమ్ ఎక్కువ పడుతుంది, కానీ ఫారిన్‌లో పెరిగిన పిల్లలు ఎవరైనా ఆటలో ఉంటే వాళ్లు డాషర్ అవడానికి అదే బెటర్. గొడవ వస్తే తీర్పుకి ఆంధ్రభారతి సైట్, చాలా నిఘంటువులు ఒకేచోట వెతకొచ్చు, అయితే ఆట నడుస్తున్నంతసేపూ ఫోన్లన్నీ ఫ్రిజ్ మీదే.

ఇంకో ముచ్చట. డిక్షనరీ రాసేవాళ్లు కూడా ఈ ఆట ఆడతారు తెలుసా? 2001లో వచ్చిన న్యూ ఆక్స్‌ఫర్డ్ అమెరికన్ డిక్షనరీలో ఎస్క్వివలియన్స్ అని ఒక మాట పెట్టారు, అర్థం ఏంటంటే చేయాల్సిన డ్యూటీని కావాలని ఎగ్గొట్టడం. అసలు అలాంటి మాటే లేదు, తమ డిక్షనరీని ఎవడైనా కాపీ కొడితే దొరికిపోతాడని వాళ్లే పుట్టించి లోపల పెట్టారు. మా టీమ్‌లో ఒకడికి ఆ పేరు ఖాయం చేశాం, ఎందుకో చెప్పక్కర్లేదు.

ఎవరికి నచ్చదు అంటే, గెలవడం కోసమే ఆడేవాళ్లకి నచ్చదు, పాయింట్లు ఎవరికెన్నో మాకు రెండో గంట తర్వాత గుర్తే ఉండటం లేదు. ముగ్గురే ఉంటే కూడా వద్దు, అబద్ధాలు సరిపోవు. ఐదారుగురు బెస్ట్, ఎనిమిది దాటితే చదివే చీటీలు మర్చిపోయి "మూడోది ఏంట్రా మళ్లీ చెప్పు" అని ఒకటే గోల.

వచ్చే శనివారం డాషర్ నేనే. మాట దొరికింది, పేజీకి దారం కూడా పెట్టుకున్నా, ఏంటో మాత్రం ఇక్కడ రాయను, మావాళ్లు ఇది చదువుతారు.