డీసీ ప్రీస్కూల్ లాటరీకి "స్ట్రాటజీ" చెప్తానంటున్న ఆయనకి డబ్బులు కట్టకండి

లాటరీ ఫలితాలు వచ్చి నాలుగు రోజులైంది. కోపం తగ్గాక రాద్దామనుకున్నాను, తగ్గట్లేదు, అందుకే రాసేస్తున్నాను. వాషింగ్టన్ డీసీ లోపల ఉంటూ ఇంట్లో మూడేళ్ల, నాలుగేళ్ల పిల్లలున్న మనవాళ్లు దయచేసి చివరిదాకా చదవండి. ఆయన పేరు రాయను. కానీ ఎవరి గురించో మీలో చాలామందికి ఈపాటికే అర్థమై ఉంటుంది. ప్రతి డిసెంబరులో మన వాట్సాప్ గ్రూపుల్లో "పీకే3, పీకే4 లాటరీ గైడెన్స్" (మూడేళ్ల, నాలుగేళ్ల పిల్లల ప్రీస్కూల్ క్లాసులు) అని పోస్టర్ పెట్టి, సంక్రాంతి పాట్‌లక్‌కి వచ్చి అందరి పిల్లల్నీ ఎత్తుకుని తిప్పే ఆయనే. ఆయనకి నేను 250 డాలర్లు కట్టాను. డబ్బు పోతే పోయింది. మా పాప మా ఇంటి పక్క స్కూలుకి వెళ్లే అవకాశం కూడా ఆయన చేతుల్లో పెట్టాను, అది తలుచుకుంటేనే నిద్ర పట్టట్లేదు.

మాది డీసీలోనే నోమా అనే ఏరియా. వర్జీనియాలో యాష్‌బర్న్, హెర్న్‌డన్ వైపు ఉండే మన ఫ్రెండ్స్‌కి ఈ లాటరీ గొడవ తెలియదు, వాళ్లని అడిగి లాభం లేదు. ఇక్కడ మూడేళ్ల పిల్లలకే గవర్నమెంటు స్కూల్లో ఫ్రీగా ప్రీస్కూల్ ఉంది, సెప్టెంబరు 30కి మూడేళ్లు నిండితే చాలు. కాకపోతే చాలా స్కూళ్లలో సీటు గ్యారంటీ లేదు. మన అడ్రసుకి కేటాయించిన స్కూలైనా సరే, కిండర్‌గార్టెన్‌కి వచ్చేదాకా అందులో హక్కు ఉండదు, ఇన్-బౌండరీ అని కాస్త ముందు వరస మాత్రం దొరుకుతుంది. ఈ లాటరీ నడిపే మై స్కూల్ డీసీ సైట్లో 12 స్కూళ్ల దాకా వరుసగా పెట్టుకోవాలి, మార్చి మొదట్లో గడువు, మార్చి నెలాఖరుకి ఫలితం. మేం డేకేర్‌కి నెలకి 2,300 డాలర్లు కడుతున్నాం. సీటొస్తే ఆ డబ్బులో చాలా భాగం మిగులుతుందన్న ఆశతో జనవరి నుంచీ ఇంట్లో ఇదే మాట.

మాకు కావాల్సిన స్కూలేదో మాకు మొదటి రోజు నుంచీ తెలుసు. మా ఇంటి నుంచి నడిచి ఆరు నిమిషాలు. ఓపెన్ హౌస్‌కి వెళ్లాం, పాప అక్కడి ఇసక తొట్టిలో కూర్చుని రానంటే రానంది. దాని తర్వాత స్పానిష్ కూడా నేర్పే ఒక స్కూలు ఇష్టపడ్డాం. మూడోది, నాలుగోది పెద్ద పట్టింపు లేదు. ఇంతే మా జాబితా. ఇలాగే పెట్టేసి ఉంటే ఈ పోస్టు రాసే అవసరమే ఉండేది కాదు.

మరి ఆయన దగ్గరికి ఎందుకెళ్లామంటే, భయం. ఊర్లో ఎల్‌కేజీ సీటు కోసం తెల్లవారుజామునే వెళ్లి లైన్లో నిలబడిన వాళ్లని చూసి పెరిగిన దాన్ని, ఏ అడ్మిషన్‌కైనా లోపలి కిటుకు ఏదో ఉంటుందని, తెలిసినవాళ్లని అడగకపోతే మోసపోతామని మనసులో పాతుకుపోయింది. మా ఆయన వద్దన్నాడు. "సైట్లో అంతా రాసి ఉందిగా" అన్నాడు. నేనే వినలేదు.

ఆ గైడెన్స్ ఆయన జూమ్‌లో నలభై నిమిషాలు మాట్లాడాడు. రంగురంగుల ఎక్సెల్ షీటు చూపించాడు. మా జాబితా చూసి నవ్వి, "అమ్మా, మొదటి స్థానం బంగారం లాంటిది, దాన్ని దొరకని స్కూలు మీద వేస్ట్ చేసుకుంటారా? తమని ఫస్ట్ పెట్టుకున్న పిల్లల్నే స్కూళ్లు ముందు తీసుకుంటాయి. రెండో స్థానంలో పెడితే వాళ్లు మిమ్మల్ని చూడను కూడా చూడరు. కచ్చితంగా వచ్చేది మొదట పెట్టండి, రాకపోతే తర్వాత వెయిట్‌లిస్టులు నేను చూసుకుంటాను" అన్నాడు. ఆ కచ్చితంగా వచ్చే స్కూలు నది అవతల, రెండు బస్సులు మారాలి, మా ఇంటి నుంచి యాభై నిమిషాలు. ఆ స్కూల్లో లోపం ఉందని నేననట్లేదు. అక్కడ దగ్గర్లో ఉండేవాళ్లకి అది మంచి స్కూలే అయుంటుంది. మూడేళ్ల పిల్లని రోజూ పొద్దున్నే యాభై నిమిషాలు బస్సుల్లో తీసుకెళ్లి నేను తొమ్మిదింటికి ఆఫీసులో ఎలా ఉండాలో ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ రాత్రి లాగిన్ అయి వరుస మార్చాను. మా ఇంటి పక్క స్కూల్ని నాలుగో స్థానంలోకి తోశాను. నా చేతులతో నేనే.

ఫలితం రోజు సైటు తెరిస్తే మొదటి స్థానం స్కూలు వచ్చింది. కింద మిగతా స్కూళ్ల పేర్లే లేవు. వెయిట్‌లిస్ట్ నంబరు ఎక్కడుందా అని ఫోన్లో చూశాను, లాప్‌టాప్‌లో చూశాను, సైటు పని చేయట్లేదేమో అనుకున్నాను. అప్పుడు హెల్ప్ పేజీ చదివితే కళ్లు తిరిగాయి. మనకి సీటొచ్చిన స్కూలు కన్నా పైన పెట్టుకున్న స్కూళ్లకే వెయిట్‌లిస్టులో ఉంటాం. దాని కింద పెట్టినవన్నీ పోతాయి. మాకు మొదటిదే వచ్చింది కాబట్టి దాని పైన ఏమీ లేవు, అంటే ఒక్క స్కూలుకి కూడా వెయిట్‌లిస్టులో లేం. ఆ ఇంటి పక్క స్కూలు లైన్లోంచి మా పాపని తీసేశారు. మా బిల్డింగులోనే కింది అంతస్తు వాళ్ల బాబుకి అక్కడ సీటొచ్చింది. వాళ్లూ ఇన్-బౌండరీనే, దాన్నే మొదట పెట్టుకున్నారు. మాకూ వచ్చేదని చెప్పలేను, లాటరీ నంబరు ఎవరిది ఎలా పడుతుందో ఎవరికీ తెలియదు. కనీసం లైన్లో అయినా ఉండేవాళ్లం కదా.

వెంటనే ఆయనకి ఫోన్ చేశాను. ఎత్తగానే "కంగ్రాట్స్ అమ్మా, ఫస్ట్ చాయిస్! గ్రూపులో ఒక మంచి రివ్యూ రాయండి" అన్నాడు. నాకు మాట రాలేదు. కాసేపటికి తేరుకుని, "అన్నయ్యా, మేం ఒక్క వెయిట్‌లిస్టులో కూడా లేం, మీరు చూసుకుంటానన్నారు కదా" అన్నాను. "వెయిట్‌లిస్టు అంటే పైన పెట్టినవాటికే కదా, అది అందరికీ తెలిసిందే" అన్నాడు. మరి మీరు నాలుగో స్థానంలో పెట్టించారెందుకని అడిగాను. అప్పుడు ఆయన గొంతు మారింది. మూడు నెలల నుంచీ "మీరు", "అమ్మా" అని మాట్లాడిన మనిషి, "చూడు, సబ్మిట్ నొక్కింది నువ్వు. నేను నొక్కలేదు. చదువుకున్నదానివి, నీ పిల్ల విషయం నువ్వు చదువుకోవద్దా?" అన్నాడు.

ఆ ఒక్క మాట. 250 డాలర్లూ, స్కూలూ పక్కన పెట్టండి, ఆ మాట మాత్రం నాలుగు రోజులుగా చెవుల్లో మోగుతోంది. ఎందుకంటే అది నిజం, నేను చదువుకోవాల్సింది. కానీ ఆ మాట అనే అర్హత నా దగ్గర డబ్బు తీసుకుని "మీరు టెన్షన్ పడకండి, నేనున్నాను" అన్న మనిషికి లేదు. ఏడుస్తూ కూర్చుంటే పాప వచ్చి నా చున్నీతో నా మొహం తుడిచింది. తెనాలి నుంచి అమ్మ ఫోన్ చేసినా ఎత్తలేకపోయాను.

గంట తర్వాత ఆయన నుంచి మెసేజ్. ఇంకో 500 పంపిస్తే "తెలిసినవాళ్లతో మాట్లాడి" ఇంటి పక్క స్కూలు వెయిట్‌లిస్టులో ముందుకి జరిపిస్తాడట. నేను కుదరదని, నా 250 వెనక్కి ఇమ్మని రాశాను. జవాబు లేదు. సాయంత్రానికి గ్రూపులోంచి నన్ను తీసేశారు. స్క్రీన్‌షాట్లు అన్నీ నా దగ్గర ఉన్నాయి.

మర్నాడు మై స్కూల్ డీసీ హాట్‌లైన్‌కి ఫోన్ చేశాను. ఒకావిడ ఎంతో ఓపిగ్గా పావుగంట మాట్లాడింది. అది ఉచితం. ఫిబ్రవరిలో నేను చేయాల్సిన ఫోన్ అదే. ఆవిడ చెప్పింది, తర్వాత నేను కూర్చుని చదువుకున్నది కలిపి రాస్తున్నాను, ఇది అర్థమైతే ఆయన లాంటివాళ్లు మీకు ఏమీ అమ్మలేరు.

ప్రతి పిల్లకీ కంప్యూటర్ ఒక లాటరీ నంబరు ఇస్తుంది. ముందు మీరు మొదట పెట్టిన స్కూలుకి మీ పేరు వెళ్తుంది. అక్కడ సీట్ల కన్నా పిల్లలు ఎక్కువైతే ఇన్-బౌండరీ, అక్కో అన్నో అదే స్కూల్లో ఉండటం లాంటి ప్రాధాన్యాలు చూసి, తర్వాత నంబరు చూసి కొందరిని ఉంచుతారు. అదీ తాత్కాలికంగానే. ఉండలేకపోయినవాళ్ల పేరు వాళ్ల రెండో స్కూలుకి వెళ్తుంది. అసలు విషయం ఇక్కడుంది. ఆ రెండో స్కూల్లో వాళ్లని "నువ్వు మమ్మల్ని రెండో స్థానంలో పెట్టావు" అని వెనక్కి నెట్టరు. అక్కడ అప్పటికి తాత్కాలికంగా ఉంచిన పిల్ల కన్నా వీళ్ల ప్రాధాన్యమో నంబరో మెరుగ్గా ఉంటే ఆ పిల్ల సీటు వీళ్లకి వస్తుంది, ఆ పిల్ల పేరు తన తర్వాతి స్కూలుకి వెళ్తుంది. ఇలా అందరి పేర్లూ సర్దుకునేదాకా నడుస్తుంది. కాబట్టి దొరకదేమో అనిపించిన స్కూలు మొదట పెట్టినంత మాత్రాన రెండోదాంట్లో మీ అవకాశం రవ్వంత కూడా తగ్గదు. మీ ఇష్టం ఏదో అదే వరుసలో పెట్టడం కన్నా మంచి స్ట్రాటజీ ఈ పద్ధతిలో లేదు. సైట్లో కూడా మీకు నిజంగా నచ్చిన వరుసలోనే పెట్టమని రాసి ఉంది. నా కళ్ల ముందే ఉంది.

దీనికి మూలం గేల్, షాప్లీ అనే ఇద్దరు గణిత శాస్త్రవేత్తలు 1962లో రాసిన పద్ధతి. షాప్లీకి, దీన్ని స్కూళ్ల దాకా తీసుకొచ్చినవాళ్లలో ఒకరైన ఆల్విన్ రాత్‌కి 2012లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. మన గైడెన్స్ ఆయన మాకు చెప్పిన "మొదట పెట్టినవాళ్లకే ముందు" అన్నది ఒకప్పుడు బోస్టన్‌లో నిజంగానే ఉండేదట. అక్కడ తల్లిదండ్రులు అచ్చం ఇలాగే భయపడి సేఫ్ స్కూలు మొదట పెట్టుకునేవాళ్లు. కిటుకు తెలియనివాళ్లు నష్టపోతున్నారని తేలాక 2005లో బోస్టన్ కూడా దాన్ని వదిలేసింది. ఎప్పుడో వదిలేసిన ఊరి రూలు ఈ ఊళ్లో మాకు 250 డాలర్లకి అమ్మాడు. తెలియక చెప్పాడా, తెలిసే చెప్పాడా అని రెండు రోజులు ఆలోచించాను. "ఫస్ట్ చాయిస్ వచ్చింది" అని రివ్యూ అడిగాడు చూడండి, అక్కడ నాకు అర్థమైంది. సులువుగా దొరికేది అందరి చేతా మొదట పెట్టిస్తే అందరికీ ఫస్ట్ చాయిసే వస్తుంది. ఆయన పోస్టర్ మీద "మా ఫ్యామిలీల్లో ఎక్కువమందికి ఫస్ట్ చాయిస్" అని వేసుకునేది అలాగే.

ఇంకో సంగతి, ఇది నాకు జరగలేదు గానీ గ్రూపులో ఒకరు పర్సనల్‌గా చెప్పారు. డీసీ బయట, వర్జీనియాలోని ఆర్లింగ్టన్‌లో ఉండే ఒక కుటుంబానికి ఆయనే డీసీలో ఉన్న ఫ్రెండ్ అడ్రస్ పెట్టి అప్లై చేయమని చెప్పాడట. దయచేసి ఆ పని చేయకండి. చేరేటప్పుడు డీసీ నివాసం రుజువు చూపించాలి. తప్పుడు అడ్రసని తేలితే ఇన్నాళ్ల ఫీజు బయటివాళ్ల రేటులో కట్టాలి, అటార్నీ జనరల్ ఆఫీసు ఇలాంటివాళ్ల మీద కోర్టుకి కూడా వెళ్లింది. వీసా మీద ఉన్నవాళ్లకి ఆ కేసు ఎంత దూరం పోతుందో వేరే చెప్పాలా?

వచ్చే ఏడాది పెట్టేవాళ్లకి నేను చెప్పగలిగింది కొంచెమే. నచ్చిన వరుసలోనే పెట్టండి. రోజూ తీసుకెళ్లలేని స్కూలు జాబితాలోనే పెట్టకండి, సీటొస్తే దాని కిందవన్నీ పోతాయి. గడువులోపు ఎప్పుడు పెట్టినా ఒకటే, మొదటి రోజే పెట్టాలన్న తొందర అక్కర్లేదు, గడువు దాకా వరుస మార్చుకోవచ్చు కూడా. వచ్చిన సీటు తీసుకుంటే పైవాటి వెయిట్‌లిస్టులోంచి తీసేస్తారని కూడా ఎవరో అంటున్నారు, అది తప్పు, చేరి కూడా వాటిలో ఉండొచ్చు. వెయిట్‌లిస్టులో జరిపిస్తానని ఎవరైనా డబ్బడిగితే ఫోన్ పెట్టేయండి. సందేహం ఉంటే హాట్‌లైన్‌కే చేయండి.

మేం గడువు దాటాక పెట్టుకునే అప్లికేషన్‌లో ఇంటి పక్క స్కూలు మళ్లీ చేర్చాం. గడువులోపు పెట్టినవాళ్లందరి తర్వాతే మా వంతు. నంబరు 41. వేసవిలో జాబితాలు కదులుతాయని హాట్‌లైన్ ఆవిడ అంది. నది అవతలి సీటు ఉంచుకోవాలంటే మే 1 లోపు చేర్పించాలి, రేపు కరెంటు బిల్లు, లీజు కాగితాలు పట్టుకుని అక్కడికే వెళ్తున్నాం. ఆయనకి డబ్బు కట్టినవాళ్లు ఇంకా ఎవరైనా ఉంటే నాకు మెసేజ్ చేయండి, పేరు బయటపెట్టను.