1944 జంగిల్ గ్రీన్ సెట్ అని అమ్ముతున్నారు, కొనేముందు ఇది చదవండి

రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ ఉష్ణమండల యూనిఫాం ఆన్‌లైన్‌లో వెతుకుతున్న వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఎడారి ప్రాంతాల్లో వేసుకున్న ఖాకీ డ్రిల్లు (దళసరి నూలు గుడ్డ) అయినా, అడవుల్లో వేసుకున్న ఆకుపచ్చ జంగిల్ గ్రీన్ అయినా సరే. "ఒరిజినల్, 1944, బర్మా" అని పెట్టి, ట్యాగు ఫొటో దగ్గరగా తీసి చూపించి అమ్ముతున్న సెట్లు కొన్ని తిరుగుతున్నాయి. ఫొటోలో ట్యాగు నిజమైనదే. పార్సిల్‌లో వచ్చే బట్ట మాత్రం దానిది కాదు. నేను కొన్న సెట్ విషయంలో జరిగింది ఇదే. అమ్మినతని పేరు రాసి లాభం లేదు, ఆ ఖాతా ఇప్పటికే మాయమైపోయింది. పద్ధతి తెలిస్తే ఏ పేరుతో వచ్చినా పట్టుకోవచ్చు.

నేను ఇంగ్లండ్‌లో ఉంటాను. ఇక్కడ వేసవిలో జరిగే చారిత్రక ప్రదర్శనల్లో మా చిన్న బృందం 1944 నాటి భారత సైన్యాన్ని, ముఖ్యంగా మద్రాస్ సాపర్స్ అనే ఇంజనీరింగ్ దళాన్ని చూపిస్తుంది. తెలుగు, తమిళ, కన్నడ, మలయాళం మాట్లాడే కుర్రాళ్లు ఆ దళంలో వంతెనలు కట్టి, రోడ్లు వేసి, మందుపాతరలు తీశారని ఇక్కడి జనానికి చెప్పాలంటే మన ఒంటి మీది బట్ట సరిగ్గా ఉండాలి. చూడ్డానికి వచ్చేవాళ్లలో ఈ బట్టల గురించి క్షుణ్ణంగా తెలిసిన పెద్దవాళ్లు ఉంటారు. గుండీ తేడాగా ఉన్నా అడిగేస్తారు.

నేను చూసిన ప్రకటనలో చొక్కా, ప్యాంటు, 37 ప్యాటర్న్ (అంటే 1937లో ఖరారైన నమూనా) బెల్టు కలిపి ఒకే సెట్. ధర మూడొందల పౌండ్లకు కాస్త తక్కువ. "కలకత్తాలో ఒక పాత గోదాం ఖాళీ చేస్తుంటే దొరికిన స్టాక్, కోహిమా కాలం నాటిది" అని కథ. నమ్మదగ్గ కథే. యుద్ధం అయిపోయాక మిగిలిన సరుకు అక్కడ కుప్పలుగా అమ్ముడుపోయింది మరి. ఫొటోల్లో చొక్కా లోపలి ముద్ర, ప్యాంటు ట్యాగు, బెల్టు వెనక సంవత్సరం అన్నీ స్పష్టంగా ఉన్నాయి.

పార్సిల్ విప్పితే ప్యాంటుకు ట్యాగే లేదు. నడుము దగ్గర ట్యాగు కత్తిరించిన చోట నాలుగు వైపులా తెగిన దారాలున్నాయి. లోపల ఆ మేరకు గుడ్డ ముదురు ఆకుపచ్చగా ఉంది. అంటే ఆ ట్యాగు చాలా కాలం అక్కడే ఉంది, ఈ మధ్యే తీసేశారు. అది 1950 ప్యాటర్న్ ప్యాంటు. మలయా అడవుల్లో కమ్యూనిస్టు గెరిల్లాలతో పోరాడిన కాలం నాటి సరుకు. 1944 ప్యాటర్న్‌కీ దీనికీ కోత చాలా దగ్గరగా ఉంటుంది, దూరం నుంచి చూస్తే అన్నదమ్ముల్లా ఉంటాయి. తేడా తేలిగ్గా చెప్పేది ట్యాగే, ఎందుకంటే ప్యాటర్న్ సంవత్సరం దాని మీదే అచ్చు వేసి ఉంటుంది. అందుకే కత్తిరించారు.

అసలు ఇక్కడే ఇంకో మెలిక ఉంది. నిజంగా 1944 ప్యాటర్నే వచ్చినా "కోహిమా" అన్న మాట అబద్ధమే. నాగాలాండ్‌లోని కోహిమా దగ్గర జపాన్ సైన్యంతో ఆ యుద్ధం 1944 ఏప్రిల్ నుంచి జూన్ దాకా జరిగింది. 1944 ప్యాటర్న్ బట్టలు, సామగ్రి తయారై సైనికుల దాకా చేరేసరికి యుద్ధం చివరికొచ్చింది. కోహిమాలో మనవాళ్లు వేసుకున్నది ఎక్కువగా భారత్‌లో కుట్టిన ఆకుపచ్చ బట్టలు. చిల్లుల నేత ఏర్‌టెక్స్ గుడ్డ చొక్కాలు, డ్రిల్లు ప్యాంట్లు. జంగిల్ గ్రీన్ సరిపడా రాకముందు ఖాకీ బట్టలకే ఆకుపచ్చ రంగు అద్ది ఇచ్చారు కూడా. ఏ రెండు చొక్కాల రంగూ ఒకలా ఉండేది కాదు. కాబట్టి ప్రకటనలో "1944 ప్యాటర్న్" అనీ "కోహిమా" అనీ రెండూ పక్కపక్కనే కనిపిస్తే, అమ్మేవాడికి విషయం తెలియదు, లేకపోతే మనకు తెలియదని అనుకుంటున్నాడు.

ఇక చొక్కా. ఇది ఈ మధ్య కుట్టిన నకలు. నకళ్లంటే నాకు చిన్నచూపు లేదు, మైదానంలో వేసుకోవడానికి నకలే మంచిది. ఎనభై ఏళ్ల నాటి నూలు చొక్కా వేసుకుని ట్రెంచి తవ్వితే చంక దగ్గర చిరిగి ఊరుకుంటుంది, పైగా అది పాపం. ఆ రోజుల్లో మనుషులు సన్నగా ఉండేవారు కాబట్టి ఇప్పటి మనకు పట్టే సైజు ఒరిజినల్ దొరకడమే కష్టం, దొరికితే ధర ఆకాశంలో ఉంటుంది. నకలును నకలు అని చెప్పి, నకలు ధరకు అమ్మితే ఎవరికీ అభ్యంతరం లేదు. దీన్ని మాత్రం టీ నీళ్లలో నానబెట్టి పాతదిగా చేశారు.

టీలో నానబెట్టిన బట్టను గుర్తుపట్టడం నేర్చుకోండి, ఎందుకంటే ఈ మోసం చాలాచోట్ల ఉంది. నిజంగా ఎండకీ ఉతుకుకీ వెలిసిన గుడ్డ అన్నిచోట్లా ఒకేలా వెలవదు. భుజాలు, కాలరు పైభాగం, మోచేతులు తెల్లబడతాయి. జేబు మూత ఎత్తి చూస్తే దాని కింద అసలు రంగు దాక్కుని ఉంటుంది. కుట్టు మడతల లోపల, గుండీ కింద కూడా అంతే. ఖాకీ డ్రిల్లు అయితే ఎడారిలో ఉతికి ఉతికి దాదాపు గోధుమ పిండి రంగుకొచ్చేది. కొత్తగా వచ్చిన సైనికులు పాతకాపుల్లా కనిపించడానికి కావాలని వెలిసేలా చేసుకునేవారు. టీ రంగు అలా కాదు. జేబు మూత పైనా కిందా, గుడ్డా దారమూ ట్యాగూ అన్నీ ఒకే పసుపు. నాకొచ్చిన చొక్కా గుడ్డంతా అదే రంగులో తేలింది. కుట్టు మడత విప్పి చూస్తే లోపల కూడా అంతే.

ముద్ర సంగతి కూడా చెప్పాలి. భారత్‌లో తయారైన యుద్ధకాలపు బట్టల మీద కుట్టిన ట్యాగు కంటే గుడ్డ మీదే సిరాతో కొట్టిన ముద్రలు ఎక్కువ. బ్రిటిష్ ప్రభుత్వ సొత్తుకు గుర్తు మూడు గీతల బాణం. భారత్‌లో చేసినవాటి మీద బాణంతో పాటు ఐ అక్షరం ఉంటుంది, కెనడా సరుకు మీద సి అక్షరం లోపల బాణం, దక్షిణాఫ్రికాది యు లోపల, ఆస్ట్రేలియాది రెండు డీల మధ్య. ఉత్తర ఆఫ్రికాలో పోరాడిన సైనికుడి వేషం వేస్తుంటే దక్షిణాఫ్రికా ముద్ర ఉన్నా పెద్ద తప్పేం కాదు, సరుకు అన్ని చోట్ల నుంచీ వచ్చేది. పాత సిరా నూలు పోగుల్లోకి ఇంకిపోయి, అంచులు మసకబారి ఉంటుంది. నాకొచ్చిన దాని మీద నల్లటి సిరా పైపైన కూర్చుని ఉంది. వేలితో రుద్దితే గరుకు తగిలింది. ఫొటోలో ఉన్న ముద్రకీ దీనికీ అక్షరాల అంతరం కూడా కలవలేదు.

దారం విషయంలో చిన్న పరీక్ష ఉంది. లోపల వేలాడుతున్న తెగిన దారం ముక్క ఒకటి కత్తిరించి, సింక్ మీద పట్టుకుని నిప్పు పెట్టండి. నూలు అయితే కాగితం కాలిన వాసనతో మెత్తటి బూడిద అవుతుంది. పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూసలా అవుతుంది. పాలిస్టర్ నారను బ్రిటన్‌లో కనిపెట్టింది 1941లోనే, కానీ అది బజారులో బట్టల్లోకి వచ్చింది 1950ల్లో. యుద్ధకాలపు చొక్కా కుట్టులో అది ఉండే అవకాశమే లేదు. నా చొక్కా దారం చక్కగా పూస కట్టింది.

అతినీలలోహిత టార్చి గురించి అందరూ చెబుతుంటారు, అది కొంతవరకే పనికొస్తుంది. ఇప్పటి సబ్బు పొడుల్లో తెల్లదనం కోసం కలిపే పదార్థాలు ఆ వెలుగులో నీలంగా మెరుస్తాయి. ఒరిజినల్ చొక్కాను ఎవరో పుణ్యాత్ముడు పోయిన వారం వాషింగ్ మెషీన్‌లో వేసి ఉంటే అదీ మెరుస్తుంది. చొక్కా అంతా మెరిస్తే దాన్నుంచి ఏమీ తేలదు. గుడ్డ నల్లగా ఉండి కుట్టు దారం మాత్రమే గీతలా వెలిగితే మాత్రం అనుమానించాల్సిందే.

బెల్టు దగ్గర ఇంకా మొరటుగా చేశారు. వెనక ముద్రలో సంవత్సరం మూడో అంకె దగ్గర గీకి, 19 తర్వాత గీత, ఆ తర్వాత 4 కనిపించేలా వదిలారు. అది 1944 అయినా కావచ్చు, 1954 అయినా కావచ్చు, మన ఊహకే వదిలేశారన్నమాట. భారత సైన్యం 37 ప్యాటర్న్ పట్టీలను స్వాతంత్ర్యం తర్వాత కూడా చాలా ఏళ్లు వాడింది. 1962లో చైనాతో యుద్ధానికి వెళ్లినవాళ్ల నడుముకీ అదే. కాబట్టి "భారత్‌లో తయారైంది" అంటే "యుద్ధకాలంలో తయారైంది" అని కాదు. సంవత్సరం పూర్తిగా చదవగలిగితేనే ఆ ధర పెట్టండి. అలాగే ఏ బట్ట మీదైనా పదమూడు అంకెల నాటో సరుకు నంబరు, మధ్యలో 99 అని బ్రిటన్ సంకేతం కనిపిస్తే ఇంకేమీ చూడక్కర్లేదు, నాటో పుట్టిందే 1949లో.

నిక్కర్ల గురించి ఒక మాట. "బాంబే బ్లూమర్స్" అని పేరుపడ్డ పొడవు నిక్కరు ఉంటుంది. పగలు పైకి మడిచి గుండీ పెట్టుకుంటారు, సాయంత్రం దోమలు వచ్చేసరికి కిందికి వదులుతారు. చూడ్డానికి ఎంత అసహ్యంగా ఉంటుందో చెప్పలేను. అప్పట్లోనే చాలావాటిని కత్తిరించి మామూలు నిక్కర్లు చేశారు. అందుకే చెక్కుచెదరనివి అరుదు, అందుకే నకళ్లకు గిరాకీ.

అమ్మినతనికి ఫొటోలతో సహా రాశాను. మొదట "పాత బట్ట కదా సార్, ట్యాగులు ఊడిపోతాయి" అన్నాడు. కత్తెర గుర్తులు చూపిస్తే "నేను వ్యాపారిని కాను, మా తాతగారి వస్తువులు అమ్ముకుంటున్నాను, వాపసు తీసుకోను" అన్నాడు. కలకత్తా గోదాం ఒక్క రాత్రిలో తాతగారి పెట్టె అయిపోయింది. బ్రిటన్‌లో వ్యాపారి దగ్గర ఆన్‌లైన్‌లో కొంటే సరుకు చేతికి వచ్చాక 14 రోజుల్లో కారణం చెప్పకుండానే వెనక్కి ఇవ్వొచ్చు. మామూలు వ్యక్తి దగ్గర కొంటే ఆ హక్కు లేదు. ఇతను ఆ సందులోంచి దూరాలని చూశాడు. అయితే ఎవరు అమ్మినా చెప్పిన వర్ణనకు వస్తువు సరిపోవాలి, ఆ విషయం మాత్రం మారదు.

డబ్బు కట్టే దగ్గరే అసలు జాగ్రత్త. ఇతను ముందు పేపాల్‌లో "స్నేహితులు, కుటుంబం" పద్ధతిలో పంపితే ముప్ఫై పౌండ్లు తగ్గిస్తానన్నాడు. అలా పంపితే కొనుగోలుదారుడికి రక్షణ ఏమీ ఉండదు, పోయిన డబ్బు పోయినట్టే. నేను ఒప్పుకోలేదు. తర్వాత "మూడు వస్తువులకు మూడు బిల్లులు వేస్తాను, ఒక్కోటి వంద లోపు" అన్నాడు. ఇదేదో అమాయకమైన మాటలా ఉంటుంది గానీ కాదు. ఇక్కడి వినియోగదారుల రుణ చట్టం 75వ సెక్షన్ ప్రకారం 100 పౌండ్లు దాటి 30,000 పౌండ్ల లోపు ధర ఉన్న వస్తువును క్రెడిట్ కార్డుతో నేరుగా కొంటే, తేడా వచ్చినప్పుడు కార్డు ఇచ్చిన బ్యాంకు కూడా బాధ్యత వహించాలి. వస్తువు ధర వంద దాటకపోతే అది వర్తించదు. సెట్ మొత్తానికి ఒకే బిల్లు, క్రెడిట్ కార్డు, అంతే అని పట్టుబట్టాను. బ్యాంకుకు ప్రకటన స్క్రీన్‌షాట్లు, పార్సిల్ విప్పుతూ తీసిన వీడియో, కత్తిరించిన ట్యాగు చోటు ఫొటో పంపాను. కొంత టెన్షన్ పెట్టి చివరికి డబ్బు వెనక్కి ఇచ్చారు. ప్రకటనను కొన్న రోజే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. గొడవ మొదలయ్యాక అది మాయమవుతుంది, ఇక్కడా మాయమైంది.

కొనేముందు అమ్మేవాళ్లను అడగాల్సింది ఒక్కటే: ట్యాగు, దాని చుట్టూ జానెడు గుడ్డ, పక్కన ఇవాళ్టి తేదీ రాసిన కాగితం, మూడూ ఒకే ఫ్రేములో ఉన్న ఫొటో. ట్యాగును విడిగా దగ్గర నుంచి తీసిన ఫొటోకి విలువ లేదు. జేబు మూత ఎత్తి ఇంకొకటి, నడుము పట్టీ లోపలి వైపు ఇంకొకటి. నిజమైన సరుకు ఉన్నవాడు సంతోషంగా పంపుతాడు, ఈ పిచ్చి ఉన్నవాళ్లకు తమ వస్తువు చూపించుకోవడం కంటే ఇష్టమైన పని లేదు. సాకులు చెప్పేవాడిని వదిలేయండి.

ఏది సరైనదో పోల్చుకోవడానికి ఇంపీరియల్ వార్ మ్యూజియం ఫొటోలు ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడొచ్చు. ఎస్ఈ (SE) అక్షరాలతో మొదలయ్యే నంబర్లు ఆగ్నేయాసియా రంగానివి, ఒట్టి ‘ఈ’ (E) అక్షరంతో ఉన్నవి మధ్యప్రాచ్యం, ఉత్తర ఆఫ్రికాలవి. యార్క్‌లో సైనిక బ్యారక్స్ లోపల కోహిమా మ్యూజియం ఉంది, వెళ్లగలిగితే అక్కడి వస్తువులు కళ్లారా చూడండి.

హైదరాబాద్, విజయవాడల్లో షార్ట్ ఫిల్ముల కోసం ఇవి వెతుకుతున్న తమ్ముళ్లు ఒరిజినల్ జోలికే వెళ్లొద్దు. వందశాతం నూలు డ్రిల్లు గుడ్డ తీసుకుని, ఆ ఫొటోలు చూపించి మంచి టైలర్‌తో కుట్టించుకోండి. ఒక్కటే గుర్తు చేయండి, నూలు దారంతో కుట్టమని.

నాకు పంపిన ట్యాగు ఫొటో ఇప్పుడు వేరే ఖాతాలో, వేరే సెట్‌కి పెట్టి కనిపిస్తోంది. ఎడమ మూలలో తుప్పు మరక, సైజు అంకె మీద ఎర్ర పెన్సిల్‌తో అడ్డంగా గీత. ఈసారి "1943, అరకాన్" (బర్మా పశ్చిమ తీరం) అంటున్నారు. ఆ ఫొటో కనిపిస్తే కొనకండి, ఆ ప్రకటనను రిపోర్ట్ చేయండి.