కావలి మున్సిపాలిటీ హద్దుల్లో 20 సెంట్ల దొడ్డి ఇల్లు: ఎనిమిదేళ్ల వాడకం తర్వాత

ఊళ్లో ఇల్లు, చుట్టూ కూరగాయల మళ్లు, పది కోళ్లు, నిమ్మ, మునగ, కొబ్బరి. పిల్లల బడి, ఆసుపత్రి, రైల్వే స్టేషను అన్నీ దగ్గర. ఈ ఏర్పాటు ఎలా ఉందని అడిగేవాళ్లు ముందు నేల గురించి, తర్వాత నీళ్ల గురించి అడుగుతారు. పన్ను గురించి ఎవరూ అడగరు. కానీ 20 సెంట్ల దొడ్డి గిట్టుతుందా లేదా అన్నది తేల్చేది ముందు పన్నే, తర్వాత నీళ్లు. నేల మూడో స్థానంలో ఉంటుంది. నేలను ఎరువుతో బాగుచేసుకోవచ్చు, మొదటి రెండింటినీ అలా చేయలేం.

మన వైపు స్థలాన్ని అంకణాల్లో కొలుస్తాం కాబట్టి లెక్కా అలాగే చూద్దాం. నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. సెంటుకు ఆరు అంకణాలు, పైన పిసరంత. 20 సెంట్లంటే 121 అంకణాలు. అందులో వెయ్యి చదరపు అడుగుల మిద్దె ఉందనుకోండి, అది 14 అంకణాలు. మున్సిపల్ చట్టం ప్రకారం ఇంటి ప్లింత్ ఏరియాకు (కట్టడం నేల మీద ఆక్రమించిన వైశాల్యానికి) మూడింతల వరకు స్థలం (ఇల్లు ఉన్న చోటు కూడా ఇందులోదే) ఇంటికి అనుబంధం. ఈ మూడింతలు, 1000 చదరపు మీటర్లు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అదే లెక్క. ఈ స్థలానికి విడిగా పన్ను లేదు, ఇంటి పన్నుతోనే సరి. మూడింతలంటే 42 అంకణాలు. మిగిలిన 79 అంకణాలూ ఖాళీ స్థలమే. అందులో బీర పందిరి ఉన్నా, నిమ్మచెట్లు నిండా కాసినా రికార్డులో దాని పేరు ఖాళీ స్థలమే.

ఖాళీ స్థల పన్ను స్థలం విలువలో మున్సిపాలిటీలో 0.20 శాతం, కార్పొరేషన్‌లో 0.50 శాతం. రిజిస్ట్రేషన్ పుస్తక విలువ అంకణానికి 60 వేలు అనుకుంటే 79 అంకణాలకు 47 లక్షల 40 వేలు. కావలిలో అయితే ఏడాదికి 9,480 రూపాయలు. అదే విలువ నెల్లూరులోనో ఒంగోలులోనో ఉంటే 23,700. రోజుకు లెక్కేస్తే కావలిలో 26, కార్పొరేషన్‌లో 65. ఈ 26ను గుర్తుపెట్టుకోండి. విత్తనం వేయకముందే, బోరు మీట నొక్కకముందే దొడ్డి మీద రోజూ పడే ఖర్చు ఇది. పైగా 2021 ఏప్రిల్ నుంచి ఇంటి పన్ను కూడా అద్దె విలువ మీద కాక మూలధన విలువ మీద వేస్తున్నారు. పుస్తక విలువ పెంచినప్పుడల్లా రెండు పన్నులకూ కదలిక ఉంటుంది. ఇంటి పన్ను పెరుగుదల ఏడాదికి 15 శాతం దాటకుండా కట్టడి ఉంది.

దీన్ని తగ్గించుకునే దారులు మూడు. అన్నిటికంటే సులువైంది ఏప్రిల్‌లోనే ఏడాది పన్ను మొత్తం కట్టడం, 5 శాతం తగ్గుతుంది. ఆలస్యమైతే నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది, చాలా బ్యాంకు అప్పులకు అంత వడ్డీ ఉండదు. రెండోది కొలతలు సరిచూడటం. డిమాండ్ నోటీసులో ఇంటికి ఒక అసెస్‌మెంట్ నంబరు, ఖాళీ స్థలానికి ఇంకో నంబరు ఉంటాయి. ఇంటి అనుబంధ స్థలాన్ని తీసేయకుండా మొత్తం 121 అంకణాలకూ ఖాళీ పన్ను వేసిన నోటీసులు వస్తుంటాయి. టేపు పట్టి కొలిచి, మంజూరైన ప్లాను నకలు జతచేసి రివిజన్ పిటిషన్ పెట్టాలి. గడువు చిన్నది కాబట్టి నోటీసు అందిన వారంలోనే కదలాలి.

మూడో దారి పెద్దది. వ్యవసాయానికి మాత్రమే వాడే భూమికి ఖాళీ స్థల పన్ను వర్తించదు. అయితే అది కాగితాల మీద వ్యవసాయ భూమిగా ఉండాలి: అడంగల్, 1బీ (రెవెన్యూ శాఖ భూమి రికార్డులు), పట్టాదారు పాసుపుస్తకం, ఈ-క్రాప్‌లో (ప్రభుత్వ ఆన్‌లైన్ పంట లెక్కలో) పంట నమోదు. లేఅవుట్‌లో కొన్న ప్లాటుకు ఇవేవీ ఉండవు. ఆ భూమిని ఎప్పుడో వ్యవసాయేతరంగా మార్పించి ఉంటారు. అందులో మీరు వంగ నాటినా అది వ్యవసాయ భూమి కాదు. అందుకే కొనేటప్పుడు లేఅవుట్ ప్లాట్లు నాలుగు కలిపి కొనడం కంటే పట్టణం అంచున పాసుపుస్తకం ఉన్న భూమిలో కొంత ముక్కను మాత్రమే ఇంటికి కేటాయించుకుని మిగతాది పంట భూమిగానే ఉంచుకోవడం మేలు. ఇది మా గట్టి అభిప్రాయం.

ఆదాయపు పన్ను విషయంలో రెండు సంగతులు చాలామందికి తెలియవు. కూరగాయలు, నిమ్మకాయలు అమ్మితే వచ్చేది వ్యవసాయ ఆదాయం, పన్ను లేదు. పాలు, గుడ్లు, కోళ్లు అమ్మితే వచ్చేది వ్యవసాయ ఆదాయం కిందికి రాదు. రెండోది భూమి అమ్మేటప్పుడు తెలుస్తుంది. మున్సిపాలిటీ లోపలి పొలాన్ని అమ్మితే మూలధన లాభం మీద పన్ను ఉంటుంది. హద్దు బయట అయినా, పట్టణ జనాభా లక్ష లోపుంటే 2 కిలోమీటర్లు, లక్ష నుంచి 10 లక్షల దాకా ఉంటే 6 కిలోమీటర్ల వరకు ఇదే వర్తిస్తుంది. దూరం రోడ్డు మీద కాదు, గీత గీసినట్టు కొలుస్తారు. 2011 లెక్కల్లో కావలి లక్ష లోపు, నెల్లూరు, ఒంగోలు లక్ష దాటినవి. ఆ హద్దు అవతలి పల్లె పొలం అమ్మితే ఈ పన్ను లేదు.

ఇక కరెంటు. పొలం బోరుకు ఉచిత విద్యుత్తు ఉంటుంది, దొడ్డి బోరు మాత్రం ఇంటి మీటరు మీదే నడుస్తుంది. ఒక హార్స్‌పవర్ సబ్‌మెర్సిబుల్ గంటకు దాదాపు ఒక యూనిట్ లాగుతుంది. రోజుకు రెండు గంటలంటే నెలకు 60 యూనిట్లు. ఇంట్లో వాడకం 125 యూనిట్ల దగ్గర ఉంటే ఈ 60 యూనిట్లూ 6 రూపాయల శ్లాబులో పడి 360 రూపాయలు అవుతాయి. ఏసీ ఉండి వాడకం ముందే 225 దాటితే అవే 60 యూనిట్లు 8.75 శ్లాబులో 525 అవుతాయి. రోజుకు 12 నుంచి 17 రూపాయలు. పన్నుతో కలిపితే దొడ్డి రోజూ 40 రూపాయల సరుకు ఇవ్వాలి, అప్పుడే సున్నా దగ్గర నిలబడతాం. మిద్దె మీద 3 కిలోవాట్ల సోలారు పెడితే కేంద్రం పథకం పీఎం సూర్యఘర్ కింద 78 వేల సబ్సిడీ ఉంది. రోజుకు 12 యూనిట్ల దాకా వస్తుంది, బోరు ఖర్చు మాట మర్చిపోవచ్చు. ఈ ఎనిమిదేళ్లలో దొడ్డికి పెట్టిన ఖర్చుల్లో మళ్లీ చేయమంటే మొదట చేసేది ఇదే.

నీళ్ల దగ్గర ఈ ప్రాంతంలో ఇల్లు గెలవడం, ఓడటం ఉంటుంది. సముద్రం వైపు పోయేకొద్దీ బోరు నీళ్లలో ఉప్పు పెరుగుతుంది. పడమర కనిగిరి, పొదిలి వైపు ఫ్లోరైడ్ బాధ. ఫ్లోరైడ్ నీళ్లతో చెట్టు పెరుగుతుంది గానీ ఆ నీళ్లు తాగకూడదు. ఉప్పు నీళ్లతో చెట్టే పెరగదు. టీడీఎస్ (లీటరు నీళ్లలో కరిగిన లవణాలు, మిల్లీగ్రాముల్లో) 1300 దాటితే చిక్కుడు, బీన్స్, నిమ్మ ముందు దెబ్బతింటాయి. ఆకు అంచు మాడి, గిన్నెలా ముడుచుకుంటుంది. తెగులనుకుని మందు కొట్టేవాళ్లు ఎక్కువ. కొబ్బరి, సపోటా తట్టుకుంటాయి. జిప్సం వేస్తే ఉప్పు పోతుందన్న మాట సగమే నిజం. నేలలో సోడియం ఎక్కువైతే జిప్సం పనిచేస్తుంది, నీళ్లలోనే లవణాలు ఎక్కువైతే పనిచేయదు. అప్పుడు పనికొచ్చేది వాన నీళ్లే. వెయ్యి అడుగుల మిద్దె మీద మీటరు వాన పడితే, కారిపోయేది పోను 70 వేల లీటర్లు దిగుతాయి. మనకు సగానికి పైగా వాన అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడుతుంది కాబట్టి 10 వేల లీటర్ల సంపు నిండుగా సంక్రాంతికి చేరుతుంది. ఆ నీళ్లను నేరుగా వాడకుండా బోరు నీళ్లలో సగానికి సగం కలిపి నారుమడికి, నిమ్మకు పోస్తే మే నెల దాకా గడుస్తుంది.

డ్రిప్ తప్పనిసరి. 16 ఎంఎం లేటరల్ (మొక్కల వరస వెంట పరిచే పైపు), గంటకు 4 లీటర్ల డ్రిప్పర్లు, ముందు 120 మెష్ ఫిల్టరు. ఫిల్టరును వారానికోసారి కడగాలి. మన నీళ్లలో సున్నం ఎక్కువ కాబట్టి డ్రిప్పర్ నోటి దగ్గర తెల్లటి పొక్కు కడుతుంది, ఆర్నెల్లకు సగం మూసుకుపోతాయి. లేటరల్ చివర మూత తీసి నెలకోసారి నీళ్లు వదలాలి. ఈ రెండు పనులూ చేయని చోట డ్రిప్పే దండగని చెబుతుంటారు.

పంటల్లో రోజుకు 40 రూపాయలు ముందుగా తెచ్చేవి ఆకుకూరలు. 4 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవు మళ్లు ఆరు చేసుకుని పదిహేను రోజులకో మడి చొప్పున విత్తితే కూర తెగదు. తోటకూర విత్తనం సన్నం కాబట్టి ఇసుకలో కలిపి చల్లాలి, నెల లోపే కోతకు వస్తుంది. గోంగూర, బచ్చలి కోసినకొద్దీ చిగురిస్తాయి. పాలకూరను ఏప్రిల్ తర్వాత వేయొద్దు, మన ఎండకు నిలవదు. ఏప్రిల్ మొదటి నుంచి జూన్ సగం వరకు 50 శాతం నీడ వల కట్టాలి. కట్టకపోతే రోహిణి కార్తెలో మళ్లు ఖాళీ. కరివేపాకు రెండు చెట్లు, పీకేఎం-1 మునగ రెండు చెట్లు చాలు. మునగను ఏటా కాపు అయ్యాక మూడడుగుల ఎత్తులో నరకాలి. వానల్లో మొదలు మీద గుంపుగా చేరే గొంగళి పురుగులను అక్కడే చంపాలి, ఆకుల్లోకి పాకాక చేయగలిగేది తక్కువ.

బీర, కాకర, పొట్లకు పందిరి కావాలి. సరుగుడు కర్రలు మన తీరంలో చవక, కానీ ఎర్రనేలలో చెదలు రెండేళ్లకు మించి ఉంచవు. రాతి కూసాలు, జీఐ తీగ ఒకసారి పెట్టుకుంటే ఎనిమిదేళ్లుగా కదల్లేదు. తీగజాతి కాయలకు పండు ఈగ పెద్ద శత్రువు. పిందె దశలోనే గుడ్లు పెడుతుంది, కాయ వంకరపోయి పసుపెక్కుతుంది. పూత మొదలైన రోజే క్యూలూర్ ఎరలు (మగ ఈగలను వాసనతో లాగే బుట్టలు) కట్టాలి. వంగలో తలలు వాలితే లోపల పురుగు ఉన్నట్టు. వాలిన కొమ్మను రెండంగుళాలు కిందికి తుంచి కాల్చేయాలి. వేప గింజల పొడి అరకిలో, 10 లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టి, వడకట్టి, కాస్త సబ్బు కలిపి సాయంత్రం పూట కొట్టాలి. మధ్యాహ్నం కొడితే ఎండకు దాని బలం పోతుంది.

నవంబరు, డిసెంబరు తుపాన్లకు దొడ్డి సిద్ధంగా ఉండాలి. మళ్లు తొమ్మిదంగుళాల ఎత్తున, చుట్టూ అడుగు లోతు కాలువ, ఆ కాలువ నీళ్లు బయటికి పోయే తూము వీధి కాలువ కంటే ఎత్తులో ఉండాలి. వీధి కాలువే ఎత్తుగా ఉంటే పట్టణం మురుగంతా మీ వంగ మడిలోకి వస్తుంది. పల్లెలో ఈ బాధ లేదు. 2023 డిసెంబరులో వచ్చిన మిచాంగ్ తుపాను లాంటి గాలివాన వస్తే గెల వేసిన అరటి నిలవదు. అక్టోబరులోనే గెలల వైపు రెండు కర్రలు ఆసరాగా కట్టాలి. నీళ్లు తీశాక బొప్పాయి, మిరప మొదళ్లకు కుళ్లు రాకుండా లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ పోయాలి.

కోళ్లు పది వరకైతే బాగుంటాయి. గ్రామప్రియ గుడ్లకు, నాటు కోడి ఇంటి అవసరానికి. పదింటికి రోజుకు కిలో మేత, అందులో వంటింటి తుక్కు, తోటకూర కాడలు పావు వంతు. టీకాల వరుస ఇది: లాసోటా (కొక్కెర తెగులుకు) 7వ రోజు కంట్లో చుక్క, గంబోరో తెగులు టీకా 14వ రోజు, మళ్లీ లాసోటా 28వ రోజు, ఎనిమిదో వారం ఆర్2బీ సూది (ఇదీ కొక్కెరకే). కొక్కెర టీకాలు తప్పితే ఆ తెగులు వచ్చి రోజుల్లోనే గూడు ఖాళీ కావచ్చు. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో చాటగుట్ల, గుమ్మళ్లదిబ్బల దగ్గర బర్డ్ ఫ్లూ తేలింది కాబట్టి బయటి కోళ్లను తెచ్చి నేరుగా కలపొద్దు, పదిహేను రోజులు విడిగా ఉంచాలి. పుంజును పెడితే మాత్రం తెల్లవారుజాము కూతకు పక్కింటివాళ్లు ఒప్పుకోవాలి. గుడ్లకు పుంజు అక్కర్లేదు.

గేదె వద్దు. రోజుకు 25 కిలోల పచ్చిమేత, ఐదారు కిలోల వరిగడ్డి కావాలి. పచ్చిమేతకే దొడ్డిలో పది సెంట్లు పోతాయి. పేడ, ఈగలు, పాల మీద లెక్క చూపాల్సిన ఆదాయం. పట్టణంలో ఇవన్నీ కలిసి గేదెను భారం చేస్తాయి. పేడ మాత్రం కావాలి, అది దగ్గరి పల్లె నుంచి తెచ్చుకోవచ్చు. దొడ్డికి జీవామృతం 40 లీటర్లు చాలు: పేడ 2 కిలోలు, ఆవు మూత్రం 2 లీటర్లు, బెల్లం 400 గ్రాములు, శనగపిండి 400 గ్రాములు, గట్టు మట్టి పిడికెడు. నీడలో రెండ్రోజులు పులియబెట్టి వారం లోపు వాడేయాలి.

మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాలంటే పట్టణంలో 20 సెంట్లు తీసుకోం. వెయ్యి అడుగుల ఇంటికి 42 అంకణాలు, అంటే 7 సెంట్లు. అక్కడికి ఖాళీ స్థల పన్ను సున్నా. ఇల్లు పోను 28 అంకణాలు మిగులుతాయి. ఆరు ఆకుకూర మళ్లు, ఒక పందిరి, రెండు మునగలు, కరివేపాకు, గోడవారన ఒక నిమ్మ, పది కోళ్ల గూడు అందులో పడతాయి. రోజుకు 40 రూపాయల సరుకు ఇచ్చేవి ఇవే. మిగతా 79 అంకణాల్లో ఉండే కొబ్బరి, సపోటా, అరటి నీడకూ కంటికీ బాగుంటాయి గానీ వాటి పన్నును అవి మోయలేవు. అంత స్థలం కావాలనుకునేవాళ్లకు హద్దు అవతల పల్లెలో పాసుపుస్తకం ఉన్న అరెకరం మేలు.

కొనే ముందు స్థలాన్ని మే నెలలో చూడండి. బోరు అరగంట ఆడించాక వచ్చే నీళ్లను టీడీఎస్ పెన్నుతో కొలవండి. మొదటి నిమిషంలో వచ్చే నీళ్లు పైపులో నిలవున్నవి, వాటి కొలత నమ్మొద్దు. అరగంటలో ధార సన్నబడినా, మధ్యమధ్య గాలి కొట్టినా ఆ బోరు వేసవిలో దొడ్డిని తడపలేదు.