బెడ్‌రూమ్ ట్యాక్స్ పడితే ఏది మేలు: ఉండిపోవడమా, ఇల్లు మార్చుకోవడమా, గది అద్దెకివ్వడమా?

బ్రిటన్‌లో కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వ) ఇళ్లలో, లాభాపేక్ష లేని హౌసింగ్ అసోసియేషన్ ఇళ్లలో అద్దెకు ఉంటున్న తెలుగువాళ్లు మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్న ఇది. పెద్దబ్బాయి ఉద్యోగం వచ్చి వేరే ఊరు వెళ్లిపోయాడు, గది ఖాళీ అయింది, యూనివర్సల్ క్రెడిట్ అనే ప్రభుత్వ భృతిలో అద్దె డబ్బు కోశారు, ఇప్పుడేం చెయ్యాలి అని. (వీసా మీద ఉన్నవాళ్లకు పబ్లిక్ ఫండ్స్, అంటే ఇలాంటి ప్రభుత్వ సాయాలు, ఎలాగూ ఉండవు కాబట్టి ఇది పీఆర్ వచ్చినవాళ్ల, సిటిజన్‌షిప్ తీసుకున్నవాళ్ల బాధ.)

బెడ్‌రూమ్ ట్యాక్స్ అంటే నిజంగా పన్ను కాదు, అవసరానికి మించి బెడ్‌రూమ్ ఉందని ప్రభుత్వమిచ్చే అద్దె సాయంలో వేసే కోత. 2013 ఏప్రిల్ నుంచి ఒక గది ఎక్కువుంటే అద్దెలో 14 శాతం, రెండు లేదా అంతకు మించి ఉంటే 25 శాతం. వారానికి 110 పౌండ్ల అద్దె ఇంట్లో ఒక గదికి 15 పౌండ్ల 40 పెన్స్, ఏడాదికి సుమారు 800 పౌండ్లు. రెండు గదులైతే 1,430. ఆరు పౌండ్ల తేడా వచ్చినా నెలాఖరున వెతుక్కునే ఇంట్లో ఇది చాలా పెద్ద మొత్తం. కోత మొదలైన తొలి ఆరు నెలల్లో చిన్న ఇంటికి మారగలిగినవాళ్లు ఇరవై మందిలో ఒకరు కూడా లేరు. మనసు లేక కాదు, వెళ్లడానికి చిన్న ఇళ్లు లేక. మూడు బెడ్‌రూమ్‌ల ఇళ్లు కట్టి ఇచ్చి, ఒంటి గది ఇళ్లు కట్టకుండా, అద్దెకుండేవాళ్ల మీద భారం వేయడం నాకు అప్పుడూ న్యాయంగా అనిపించలేదు, ఇప్పుడూ అనిపించదు. అయినా రూలు ఉంది కాబట్టి దాని లోపలే దారి వెతకాలి.

స్కాట్లాండ్‌లో ఉంటే మీరు ఇల్లు మారే ఆలోచనే పెట్టుకోవద్దు. అక్కడ ప్రభుత్వం ఈ కోతను కౌన్సిల్ ఇచ్చే డిస్క్రెషనరీ హౌసింగ్ పేమెంట్‌తో పూడుస్తోంది, అప్లై చేస్తే చాలు. నార్తర్న్ ఐర్లాండ్‌లోనూ 2017లో కోత వచ్చినప్పుడే దాన్ని పూడ్చే ఏర్పాటు చేశారు. మిగతాదంతా ఇంగ్లండ్, వేల్స్ వాళ్ల కోసం.

ఏది మేలో తేల్చేముందు అసలు ఆ గది నిజంగా ఎక్కువేనా అన్నది చూడండి. అనారోగ్యం వల్ల ఒకే గదిలో పడుకోలేని దంపతులకు, రాత్రి ఉండి చూసుకునే మనిషి అవసరమైన పిల్లలున్న ఇంటికి 2016 నవంబర్‌లో సుప్రీం కోర్టులో న్యాయం దొరికింది, 2017లో రూలు మారింది. ఫాస్టర్ కేర్ ఇచ్చేవాళ్లకు ఒక గది లెక్కలోకి వస్తుంది. ఇంట్లో హింస వల్ల ప్రత్యేకంగా భద్రత ఏర్పాట్లు చేసిన ఇంట్లో ఉన్నవాళ్లకు 2021 నుంచి మినహాయింపు ఉంది. ఇందులో ఏ ఒక్కటి మీకు వర్తించినా కింద రాసిందంతా వదిలెయ్యండి, ముందు దాని కోసం పట్టుబట్టండి.

ఇక అసలు విషయం. ఈ ప్రశ్న అడిగేవాళ్లందరూ నెలకు ఎంత పోతోందో చెబుతారు. నేను మాత్రం ముందు ఒక్కటే అడుగుతాను: ఈ గది ఎన్నాళ్లు ఖాళీ? నా ఉద్దేశంలో దీన్నిబట్టే అంతా తేలుతుంది.

ఎందుకంటే రూలు పిల్లల వయసుతో కదులుతుంది. ఒకే లింగం పిల్లలిద్దరు 16 నిండేదాకా ఒక గది పంచుకోవాలి. అబ్బాయీ అమ్మాయీ అయితే పెద్దవాళ్లకు 10 నిండేదాకా. పదహారు దాటితే ప్రతి ఒక్కరికీ సొంత గది. అంటే పద్నాలుగేళ్ల, పన్నెండేళ్ల ఆడపిల్లలతో మూడు బెడ్‌రూమ్‌ల ఇంట్లో ఉన్న తల్లికి ఈరోజు ఒక గది ‘ఎక్కువ’. రెండేళ్ల తర్వాత పెద్దమ్మాయికి పదహారో పుట్టినరోజు రాగానే అదే గది ‘అవసరం’. ఆ రెండేళ్లకు కోత 1,600 పౌండ్ల చిల్లర. ఇల్లు మారాలంటే వాన్, కార్పెట్లు, కర్టెన్లు, కుక్కర్ బిగింపు, పిల్లల బడి దూరం. కౌన్సిల్ ఇళ్లు చాలావరకు నేల మీద ఏమీ లేకుండా బోసిగానే ఇస్తారని మీకు తెలుసు కదా. పైగా రెండేళ్లకు మళ్లీ పెద్ద ఇల్లు కావాలంటే వెయిటింగ్ లిస్టులో అడుగున నిలబడాలి. ఆమె మారకూడదు. ఒక్క పౌండు కూడా తేలికగా తీసుకోని మనిషిని నేను, అయినా ఈ మాట గట్టిగానే చెబుతాను.

పెద్దవాళ్ల వైపు కూడా ఇలాంటి గడువే ఒకటి ఉంది. ఈ కోత పని వయసులో ఉన్నవాళ్లకే, పెన్షన్ వయసు వచ్చినవాళ్లకు లేదు. అరవై నాలుగేళ్ల ఒంటరి మనిషి ఇంకో రెండు మూడేళ్లు ఓర్చుకుంటే చాలు, తనకు అలవాటైన వీధిలో, తెలిసిన డాక్టరు దగ్గర ఉండిపోవచ్చు. అదే నలభై ఎనిమిదేళ్లకు పిల్లలంతా వెళ్లిపోయి రెండు గదులు ఖాళీ అయినవాళ్లకు దాదాపు ఇరవై ఏళ్ల కోత. ఏడాదికి 1,430 చొప్పున లెక్కేస్తే అది మోయదగ్గ బరువు కాదు.

అందుకని నా లెక్క ఇది. గడువు మూడేళ్ల లోపైతే ఉండిపోండి. ఆ లోటు కోసం కౌన్సిల్ హార్డ్‌షిప్ సాయానికి అప్లై చేయండి. వేల్స్‌లో అది డిస్క్రెషనరీ హౌసింగ్ పేమెంట్, ఇంగ్లండ్‌లో 2026 ఏప్రిల్ నుంచి క్రైసిస్ అండ్ రెసిలియన్స్ ఫండ్‌లో కలిసింది. ఫారంలో ‘డబ్బు చాలడం లేదు’ అని మాత్రమే రాసి ఊరుకోవద్దు. ఫలానా తేదీన పాపకు పదహారు నిండుతాయి, ఆ రోజుతో లోటు పోతుంది అని తేదీతో రాయండి. ఎప్పుడు ముగుస్తుందో తెలిసిన సాయం ఇవ్వడం అధికారికీ సులువు.

గడువు అంతకన్నా చాలా ఎక్కువైతే మ్యూచువల్ ఎక్స్‌ఛేంజ్, అంటే మరో టెనంట్‌తో ఇల్లు మార్చుకోవడం. నాకు ఇదే ఇష్టం. కౌన్సిల్ ట్రాన్స్‌ఫర్ లిస్టులో వాళ్లిచ్చినదాని కోసం ఎదురుచూడాలి, ఇందులో మీ ఇల్లు మీరే వెతుక్కుంటారు. పెద్ద ఇల్లు కావాల్సిన ఇరుకైన కుటుంబం ఎక్కడో ఉంటుంది, ఇళ్లు మార్చుకునేవాళ్ల వెబ్‌సైట్ హోమ్‌స్వాపర్‌లో మీ ఇల్లు పెట్టి చూడండి. ఇంగ్లండ్‌లో అప్లికేషన్ అందాక సెక్యూర్ టెనంట్లకు (కౌన్సిల్ ఇంట్లో పూర్తి రక్షణతో ఉండేవాళ్లకు) ల్యాండ్‌లార్డ్ 42 రోజుల్లో అవునో కాదో చెప్పాలి.

ఇందులో రెండు చోట్ల జాగ్రత్త కావాలి. ఒకటి టెనన్సీ, అంటే అద్దె ఒప్పందం. ఎక్స్‌ఛేంజ్‌లో మామూలుగా అవతలివాళ్ల టెనన్సీలోకి మీరు అడుగుపెడతారు. మీది జీవితకాలపు టెనన్సీ, వాళ్లది ఐదేళ్లది అయితే ఏమవుతుందో సంతకానికి ముందే రాతపూర్వకంగా అడగండి. 2012 ఏప్రిల్ 1కి ముందు నుంచి ఉన్న టెనన్సీకి చట్టంలో రక్షణ ఉంది, కానీ అవతలిది ‘అఫర్డబుల్ రెంట్’ ఇల్లైతే ఆ రక్షణ మీద ఆధారపడొద్దు. ఆ అద్దె మార్కెట్ అద్దెలో 80 శాతం దాకా ఉండొచ్చు. పాత మూడు గదుల ఇంటికన్నా కొత్త రెండు గదుల ఫ్లాటు అద్దే ఎక్కువ కావడం నిజంగా జరుగుతుంది. రెండోది బకాయి. అద్దె బాకీ ఉంటే అది తీర్చాకే ఎక్స్‌ఛేంజ్ అని షరతు పెట్టొచ్చు. కోత వల్ల బాకీ పడటం, బాకీ వల్ల కోత తప్పించుకునే దారి మూసుకుపోవడం, ఈ చిక్కులో పడితే బయటికి రావడం కష్టం. అందుకే వెతుకుతున్న నెలల కోసం హార్డ్‌షిప్ సాయం మొదటి రోజే అడగాలి, మూడు నెలల బాకీ పడ్డాక కాదు.

ఇక గది అద్దెకివ్వడం. డబ్బు మాత్రమే చూస్తే యూనివర్సల్ క్రెడిట్‌లో ఉన్నవాళ్లకు ఇదే అన్నిటికన్నా లాభం. లాడ్జర్ (మీ ఇంట్లోనే గది అద్దెకు తీసుకున్న మనిషి) ఉన్నా కోత పోదు, ఎందుకంటే ఆ మనిషి గదుల లెక్కలోకి రాడు. కానీ అతనిచ్చే అద్దెలో ఒక్క పెన్నీ కూడా ఆదాయంగా లెక్కించరు. యూనివర్సల్ క్రెడిట్‌కు ముందున్న పాత అద్దె సాయం హౌసింగ్ బెనిఫిట్‌లో పద్ధతి తిరగేసి ఉండేది: గది నిండినట్టే, కానీ 20 పౌండ్లు దాటిన డబ్బులో లెక్కించేది ఉండేది. నెలకు 67 పౌండ్ల కోతకు ఎదురుగా నాలుగు వందలొస్తే తేడా మీకే కనిపిస్తుంది. ఏడాదికి 7,500 పౌండ్ల దాకా ఇన్‌కమ్ ట్యాక్స్ కూడా లేదు. హైదరాబాద్, విజయవాడ నుంచి వచ్చి గది కోసం తిరుగుతున్న మన విద్యార్థులు ప్రతి సెప్టెంబర్‌లో కనిపిస్తారు. ఫుల్‌టైమ్ విద్యార్థి వస్తే ఒంటరివాళ్లకిచ్చే 25 శాతం కౌన్సిల్ ట్యాక్స్ తగ్గింపు కూడా పోదు. కౌన్సిల్ సెక్యూర్ టెనంట్లకు లాడ్జర్‌ను పెట్టుకునే హక్కు చట్టంలోనే ఉంది, హౌసింగ్ అసోసియేషన్ వాళ్లు ఒప్పందం చూసి అనుమతి తీసుకోవాలి. ఇంగ్లండ్‌లో ఆ అబ్బాయి వీసా చూసి రైట్ టు రెంట్ (ఇక్కడ అద్దెకుండే హక్కు) చెక్ చేయాల్సింది మీరే, ఊరివాడని వదిలెయ్యకండి. అన్నీ బాగున్నా, టీనేజ్ ఆడపిల్లలున్న ఇంట్లోకి, ఒంటరి మహిళ ఇంట్లోకి తెలియని మనిషిని రమ్మని చెప్పడానికి నాకు నోరు రాదు. అది మీ ఇల్లు, మీ నిర్ణయం.

ప్రైవేటు ఇంటికి మారడం గురించి ఎక్కువ చెప్పను. అక్కడ అద్దె సాయానికి లోకల్ హౌసింగ్ అలవెన్స్ అనే పరిమితి ఉంది, అది దాటిన అద్దంతా మీదే, డిపాజిట్ కట్టాలి, ఒకసారి వదిలిన సోషల్ టెనన్సీ (కౌన్సిల్, అసోసియేషన్ ఇల్లు) తిరిగి రాదు. ఎక్కువ గంటలు పనిచేసి లోటు పూడ్చుకునే వీలుంటే మంచిదే, ఒళ్లు సహకరించినంతవరకు.

ఏ దారి ఎంచుకున్నా కోత నిర్ణయం తప్పనిపిస్తే మాండేటరీ రీకన్సిడరేషన్, అంటే నిర్ణయాన్ని మళ్లీ పరిశీలించమని అడగడానికి ఒక్క నెలే ఉంటుంది. అది మీ ఆన్‌లైన్ ఖాతాలోని యూనివర్సల్ క్రెడిట్ జర్నల్‌లోనే రాయొచ్చు. పిల్లల పుట్టినరోజు వచ్చిన నెల స్టేట్‌మెంట్‌లో గదుల లెక్క మారిందో లేదో కూడా అక్కడే చూసుకోండి, మారకపోతే ఆ రోజే రాయండి.