తుపానులో మునిగిన లేత వరి: నిలుపుకోవడమా, మళ్ళీ నాటడమా, వెద పెట్టడమా?

డిసెంబరు తుపాను దాటి నాలుగు రోజులు గడిచిందంటే పెన్నా డెల్టా రైతుల నుంచి ఒకే ప్రశ్న వస్తుంది. నాటి పది పదిహేను రోజులైన వరి నీళ్ళలో మునిగి తేలింది. దాన్ని ఉంచుకోవాలా, మళ్ళీ దమ్ము చేసి కొత్త నారు నాటాలా, లేక మండె కట్టిన (నానబెట్టి మొలక రప్పించిన) విత్తనాన్ని నాటు లేకుండా నేరుగా చేలో వెద పెట్టుకోవాలా అన్నదే ఆ ప్రశ్న. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన తర్వాత కోవూరు, విడవలూరు, ఇందుకూరుపేట వైపు ఏ గెనిమ (పొలం గట్టు) మీద ఇద్దరు రైతులు కలిసినా మాట ఇక్కడికే వచ్చేది. ఆ కాలంలో గోదావరి జిల్లాల వారికి వినిపించే సలహాలు మనకు పెద్దగా పనికిరావు. అక్కడ డిసెంబరు తుపాను కోతకొచ్చిన పంటను పడగొడుతుంది. మన నెల్లూరు జిల్లాలో అదే తుపాను నారుమడినీ, ఇంకా వేరు పట్టని నాటునూ ముంచుతుంది. వారిది గింజను కాపాడుకునే తొందర అయితే మనది కాలాన్ని కాపాడుకునే తొందర.

చాలామంది ఈ లెక్కను ఖర్చుతో మొదలుపెడతారు. దమ్ముకు ట్రాక్టరు బాడుగ, నారు ధర, నాటు కూలి కలిపి చూసి, అంత పెట్టగలిగితే మళ్ళీ నాటుతారు, లేకుంటే ఉన్నదానితో సర్దుకుంటారు. ఖర్చు చిన్న సంగతి కాదు గానీ, నా దృష్టిలో తేల్చవలసింది అది కాదు, వరి ఏ తేదీన పూతకు వస్తుందన్నది. అక్టోబరు 20న నారు పోసిన బి.పి.టి. 5204 (సాంబ మసూరి) రకం 150 రోజుల పంట కాబట్టి మామూలుగా మార్చి 20 ప్రాంతంలో కోతకు వస్తుంది, దానికి నెల ముందు పూత పడుతుంది. మునక వల్ల వారం పది రోజులు వెనకబడినా ఫిబ్రవరి చివరికి పూత, మార్చి నెలాఖరుకు కోత అవుతాయి. అదే రకాన్ని డిసెంబరు 12న కొత్తగా నారు పోసుకుంటే పూత ఏప్రిల్ రెండో వారంలో, కోత మే రెండో వారంలో పడతాయి. పూత సమయంలో ఎండ 35 డిగ్రీలు దాటితే పుప్పొడి చచ్చి కంకి తాలు పోతుందని తెలిసినదే. మన ఏప్రిల్ ఎండ ఎలా ఉంటుందో ఎవరికీ చెప్పనక్కరలేదు. దానికి తోడు, సోమశిల జలాశయంలో ఎంత నీరున్నా మొదటి పంటకు కాలవ కట్టేసే రోజు ఒకటి ఉంటుంది, ఆ తర్వాత ఎడగారు (రెండో పంట) సాగు కాచుకుని కూర్చుంటుంది. అందుచేత దీర్ఘకాలిక రకాన్ని డిసెంబరు మధ్యలో మళ్ళీ నారు పోయడమన్నది అసలు ఎంపికల్లోనే లేదని నా ఉద్దేశం. మళ్ళీ వేసేటట్లయితే నెల్లూరు మసూరి (ఎన్.ఎల్.ఆర్. 34449), కాటన్ దొర సన్నాలు (ఎం.టి.యు. 1010) వంటి 120, 125 రోజుల రకాలకు మారవలసిందే.

ఈ లెక్క ప్రకారం, సగానికి మించి కుదుళ్ళు (దుబ్బులు) బతికి ఉన్న కయ్యను (మడిని) నిలుపుకోవడమే మేలు. అయితే బతికి ఉన్నదీ లేనిదీ గెనిమ మీద నుంచి తెలియదు. నీళ్ళు దిగిన మర్నాడు చేను మొత్తం ఒండ్రు పూసుకుని, ఆకులు బురదకు అంటుకుని, చచ్చినదానికీ బతికినదానికీ తేడా లేకుండా కనిపిస్తుంది. ఆ రోజు తీసుకున్న నిర్ణయం చాలాసార్లు దిగులుతో తీసుకున్నదే అవుతుంది. నీళ్ళు పూర్తిగా తీసిన తర్వాత నాలుగైదు రోజులు ఆగి, కయ్యలోకి దిగి చూడాలి. ఒక కుదురు వేళ్ళతో సహా పెకలించి కాలవ నీళ్ళలో బురద పోయేదాకా జాడిస్తే సంగతి బయటపడుతుంది. మొదలు దగ్గర దారాల్లాంటి తెల్లటి కొత్త వేళ్ళు రెండు మూడు కనిపిస్తే, పైన ఆకులన్నీ ఎండిపోయినా ఆ కుదురు బతుకుతుంది. వేళ్ళు ముదురు గోధుమ రంగుకు తిరిగి కుళ్ళు వాసన కొడితే, మొదలును వేళ్ళ మధ్య నొక్కినప్పుడు మెత్తగా జారితే, మొవ్వాకు పట్టుకుని లాగగానే ఊడి చేతికి వస్తే దానిపై ఆశ వదులుకోవచ్చు. ఇలా ఒక చోట చూసి ఊరుకోకూడదు. నీరు పారే మడవ దగ్గరా, పల్లపు మూలలోనూ, మెరకలోనూ కలిపి ఐదు చోట్ల మీటరు పొడవు, మీటరు వెడల్పు కొలిచి బతికిన కుదుళ్ళు లెక్కపెట్టాలి. వరుసల మధ్య 20, కుదుళ్ళ మధ్య 15 సెంటీమీటర్ల దూరంలో నాటితే చదరపు మీటరుకు 33 కుదుళ్ళు ఉంటాయి. సగటున అందులో 18, 20 బతికి ఉంటే నేనైతే ఆ కయ్యలోకి ట్రాక్టరు దించను.

మిగిలిన ఖాళీలకు నారు వెతుక్కుంటూ ఊళ్ళు తిరగనవసరం కూడా లేదు. మెరకలో బలంగా లేచిన కుదుళ్ళ నుంచి పిలకలు చీల్చి పల్లంలో నాటితే వయసు తేడా రాదు, చేనంతా ఒకేసారి ఈనుతుంది, కోత మిషను వచ్చిన రోజు సగం పచ్చి, సగం పండు అన్న బాధ ఉండదు. నిలుపుకునే దారిలో జాగ్రత్త పడవలసింది యూరియా దగ్గర. పసుపు తిరిగిన చేను చూడగానే కట్టలకు కట్టలు చల్లాలనిపిస్తుంది. నీళ్ళు నిలిచి ఉండగా చల్లినది నీళ్ళతోనే పోతుంది, వేరు కోలుకోక ముందు వేసినది మొక్కకు అందదు. కొత్త ఆకు కనబడిన తర్వాత పలుచగా నీరు పెట్టి ఎకరాకు 20 కిలోల యూరియా, 10 కిలోల పొటాష్ వేస్తే చాలు. అంతకు మించితే, గాలికి చీలిన ఆకుల మీద ఎండాకు తెగులు, డిసెంబరు, జనవరి మంచుకు అగ్గి తెగులు మనం పిలిచినట్టే వస్తాయి. బి.పి.టి. 5204 అగ్గి తెగులును తట్టుకోదు కాబట్టి ఆ రకం వేసిన వారు ఈ విషయంలో చేయి బిగపట్టుకోవడం మంచిది.

మళ్ళీ నాటడం తప్పని కయ్యలు కూడా ఉంటాయి. మలిదేవి డ్రెయిను పక్కన ఉండే పల్లపు పొలాల్లాంటివి, పై నీరంతా వచ్చి పడి వారం దాకా కదలని చోట్ల, మొదళ్ళు కుళ్ళిన తర్వాత చేయగలిగింది లేదు. అప్పుడు నారు చేతిలో ఉందా లేదా అన్నదే ప్రశ్న. మెరక మీద పోసిన నారుమడి దక్కి ఉంటే, ఐదు సెంట్ల మడికి కిలో యూరియా, కిలో పొటాష్ చొప్పున వేసి లేపి, దాన్నే నాటుకోవడం అన్నింటికన్నా సులువు. నారు కొనవలసి వస్తే మాత్రం వయసు అడగకుండా బేరం చేయవద్దు. తుపాను తర్వాత అమ్మకానికి వచ్చేది చాలావరకు ఎవరో నాటగా మిగిలిన ముదురు నారే. అది పిలకలు సరిగా వేయదు. కొన్నాక దూరం తగ్గించి, కుదురుకు నాలుగైదు మొక్కలు పెట్టి, కాండం తొలుచు పురుగు గుడ్లు పోయేలా కొనలు తుంచి నాటుకోవాలి. ఇంత చేసినా రకం ఏదో అమ్మినవారి మాట మీద నమ్మవలసిందే. ఈ కారణం వల్లే నాకు కొన్న నారు మీద మొదటి నుంచీ గురి తక్కువ.

ఉన్నది పూర్తిగా పోయి, సొంత నారు కూడా లేనప్పుడు నేను వెద వైపు మొగ్గుతాను. అందులోనూ చేత్తో వెదజల్లడం కన్నా, రంధ్రాలున్న డ్రమ్ముల్లోంచి విత్తనాన్ని వరుసల్లో రాల్చే డ్రమ్ సీడరు నయం. ఎకరాకు 10 నుంచి 15 కిలోల విత్తనం సరిపోతుంది, వరుసలు వస్తాయి కాబట్టి కలుపు తీత కాస్త సులభమవుతుంది. నాటుకు కూలీలు దొరకని రోజుల్లో ఇదొక పెద్ద వెసులుబాటు. అసలు లాభం మళ్ళీ తేదీలోనే ఉంది. పీకి నాటడంలో మొక్కకు తగిలే దెబ్బ ఇందులో లేదు కనుక అదే రకం నాటిన దానికన్నా వారం, పది రోజులు ముందు కోతకు వస్తుంది. డిసెంబరు 12న 120 రోజుల రకం వెద పెడితే మార్చి మొదటి వారంలో పూత పడి, ఏప్రిల్ మొదటి వారానికి కోత అవుతుంది, నిలుపుకున్న బి.పి.టి.తో పోలిస్తే వెనకబాటు కొద్ది రోజులే. దీనికి రెండు చిక్కులున్నాయి. కయ్య అద్దంలా చదునుగా ఉండి, పెట్టిన నీరు తీయడానికి దారి ఉండాలి. పల్లంలో నీరు నిలిస్తే మొలక అక్కడే కుళ్ళుతుంది. రెండోది, వేసిన మూడు నాలుగు రోజుల్లోపు ఇంకో వాయుగుండం వానతో వస్తే విత్తనమంతా ఒక మూలకు చేరుతుంది. కాబట్టి వడ్లు నానబోసే ముందే వాతావరణ శాఖ సూచన చూసుకోవాలి. మొలక మరీ పొడవు పెరిగితే డ్రమ్ము రంధ్రాల్లోంచి రాలదు. గింజ నోరు తెరిచి తెల్లగా కనపడితే చాలు. వరిలాగే కనిపించే ఊద గడ్డి సంగతి మొదటి వారంలోనే చూసుకోకపోతే తర్వాత దాన్నీ వరినీ వేరు చేయడం ఎవరి తరమూ కాదు.

వరి వదిలి మినుము, పెసర వేసుకోమనే వారూ ఉన్నారు. నీరు పూర్తిగా తీసి, మట్టి విచ్చే దాకా ఆరితే తప్ప అవి మొలవవు. డెల్టా జిగట నేలలు డిసెంబరులో అంత తొందరగా ఆరవు. ఒంగోలు, కందుకూరు వైపు మెట్ట నేలల వారికి అది మంచి దారి కావచ్చు గానీ కాలవ కింద వారికి కాదు.

ఏ దారి ఎంచుకున్నా, దమ్ముకు ట్రాక్టరు పిలిచే ముందు చూసుకోవలసింది ఇంకొకటి ఉంది. పంట నష్టం 33 శాతం, అంతకు మించి ఉన్నట్టు నమోదైతేనే పెట్టుబడి రాయితీ వస్తుంది, అందుకు ఈ-పంటలో (ప్రభుత్వ పంట నమోదులో) పేరు ఉండాలి, పరిశీలనకు వచ్చిన వారికి చేను కనపడాలి. వారు రాకముందే దున్నేస్తే చూపించడానికి బురద తప్ప ఏమీ మిగలదు. మరోవైపు వారి కోసం పదిహేను రోజులు ఎదురుచూస్తే వెదకు ఉన్న తేదీ చేజారుతుంది. అందుకని నీళ్ళు నిలిచి ఉన్నప్పుడే, చేను పక్కన ఉన్న తూమో, కరెంటు స్తంభమో కనపడేలా ఫోటోలు తీసి, ఊళ్ళోని వ్యవసాయ సహాయకుడికి అర్జీ రాసి ఇచ్చి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకోవాలి. కుదుళ్ళు తేరుకోవడానికి ఎలాగూ నాలుగైదు రోజులు ఆగుతున్నాం కాబట్టి, ఈ పనికి విడిగా రోజులు వెతుక్కోనవసరం ఉండదు.