రైజెన్ 5 3600 కూలర్‌ను మార్చాలా?

2019లో వచ్చిన రైజెన్ 5 3600 కంప్యూటర్ ప్రాసెసర్‌తో పాటు పెట్టెలోనే లభించే, దాని వేడిని తగ్గించే రెయిత్ స్టెల్త్ కూలర్‌ను మార్చివేయాలని మూడు వేసవులుగా అనుకుంటూనే ఉన్నాను. ఈ 65 వాట్ల ప్రాసెసర్‌కు గరిష్ఠ ఉష్ణోగ్రత 95 డిగ్రీలు. వీడియో ఎడిటింగ్‌లో నా యంత్రం 80 దాటగానే ఫ్యాన్ హోరెత్తేది. తీరా విప్పి చూస్తే, అల్యూమినియం రెక్కల మధ్య దుమ్ము దూదిలా పేరుకుపోయి, ప్రాసెసర్ వేడిని కూలర్‌కు చేరవేసే థర్మల్ పేస్ట్ ఎండి పెళుసుబారి ఉంది; తప్పు నా బద్ధకానిదే. పెయింట్ బ్రష్‌తో దులిపి, పాత పేస్ట్ తుడిచేసి, బఠాణీ గింజంత కొత్తది పెట్టి, నాలుగు స్క్రూలనూ మూల నుంచి మూలకు కొద్దికొద్దిగా బిగించాక హోరు తగ్గింది కనుక, నాకిప్పుడు కొత్త కూలర్ అనవసరం. గంటల తరబడి రెండరింగ్ (ఎడిట్ చేసిన వీడియోను తుది ఫైల్‌గా మార్చడం) చేసేవారికి ఎత్తుగా ఉండే టవర్ కూలర్ సమంజసమే, అయితే అది లోపల పడుతుందో లేదో తెలియడానికి కొనేముందు కేబినెట్ వెడల్పు కొలుచుకోవాలి.